నాన్న పద్మినికి ఏ కార్బురేటర్?

మా నాన్న కారు 1987 ప్రీమియర్ పద్మిని. తాతయ్య కొన్నది. ఈ మాట చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే: "వింటేజ్ కార్ల షోలకి తీసుకెళ్తారా?" లేదండీ. మా కారు షోలకి వెళ్లదు, కొవ్వూరు వెళ్తుంది. మేముండేది రాజమండ్రిలో, నాన్న షాపు గోదావరికి అవతల. పొద్దున తొమ్మిదింటికి రోడ్ కం రైలు బ్రిడ్జి మీదుగా అటు, రాత్రి ఎనిమిదింటికి ఇటు. ఆదివారం తప్ప రోజూ ఇదే. స్టీరింగ్ పక్కన గేరు, డ్యాష్‌బోర్డు మీద చోక్ పిడి, ముందు సీటు మొత్తం ఒకటే బల్ల.

పోయిన వేసవిలో దానికి స్లో నిలబడటం మానేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఒకసారి రయ్యిమంటుంది, ఒకసారి ఆగిపోబోతుంది. మెకానిక్ బాబాయ్ బానెట్ ఎత్తి, కార్బురేటర్ పక్కన థ్రాటిల్ షాఫ్టు చివర కొంచెం నీళ్లు చల్లాడు. వెంటనే ఇంజన్ శబ్దం మారిపోయింది.

"ఇంజన్ బంగారంలా ఉంది బాబూ. షాఫ్టు అరిగిపోయి గాలి తాగేస్తోంది. బుష్ వేయిస్తే ఇంకో పదేళ్లు ఆడుద్ది" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. నేను అప్పుడే మెకానికల్ రెండో సంవత్సరం పూర్తి చేశాను. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మంచి మార్కులు వచ్చాయి కూడా. ముప్ఫై ఏళ్లు దాటిన కార్బురేటర్‌కి బుష్ ఏంటి, పెద్దది వేసేద్దాం, పికప్ కూడా పెరుగుతుంది అన్నాను. నాన్న నా మొహంలోకి చూసి, "నువ్వు చదివేది అదే కదరా, నీకే తెలియాలి" అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే, రెండు లీటర్ల ఇంజన్ మీంచి దింపిన 34 సైజు కార్బురేటర్ ఒకటి మూడున్నర వేలకి దొరికింది. మా మానిఫోల్డ్ మీద బోల్టులు కలవకపోతే లేత్ షాపులో ప్లేటు చేయించి బిగించాం. ఖాళీ రోడ్డు మీద బాగానే పరిగెత్తింది. నేను కాలరెగరేసుకుని హాస్టల్‌కి వచ్చేశాను.

దసరా సెలవులకి ఇంటికెళ్తే కారు మీద కవరు కప్పి ఉంది. నాన్న బస్సులో వెళ్తున్నాడు. అసలు సంగతి అమ్మ చెప్పింది. ఒక వాన సాయంత్రం బ్రిడ్జి నడిమధ్యలో బండి ఆగిపోయింది. వెనక బారుగా హారన్లు. ఎవరో ఇద్దరు దిగి తోశారట. అలా మూడుసార్లు. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీకు పరీక్షలున్నాయి కదా" అన్నాడు నాన్న. ఇంకా మాట్లాడితే బేరానికి ఒకాయన వచ్చి చూసి వెళ్లాడు, దీపావళి దాకా ఆలోచించుకోమన్నాడు అని కూడా చెప్పాడు. అంటే నాకున్నది మూడు వారాలు.

అప్పుడు కూర్చుని లెక్క చేశాను. కొనకముందు చేయాల్సిన లెక్క అది.

కార్బురేటర్ పని మనకి తెలియంది కాదు. చిన్నప్పుడు ఇంట్లో దోమలకి ఫ్లిట్ కొట్టే డబ్బా ఉండేది, గుర్తుందా? పిస్టన్ నొక్కితే గాలి సన్నటి రంధ్రం ముందునుంచి వేగంగా పోతుంది, అక్కడ పీడనం తగ్గి డబ్బాలో మందు పైకి లేచి తుంపరగా వస్తుంది. కార్బురేటర్ కూడా అంతే. నొక్కే బదులు ఇక్కడ ఇంజన్ పీలుస్తుంది. మధ్యలో ఇరుకైన నడుము ఉంటుంది, అదే వెంచురీ. గాలి అక్కడ పరిగెత్తేటప్పుడు పుట్టే లాగుడే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్‌ని పైకి లాగుతుంది. ఎంత లాగుడు ఉంటే అంత పెట్రోల్. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఇంజన్‌కి ఎంత పెట్రోల్ కావాలో కార్బురేటర్‌కి చెప్పేది ఆ లాగుడొక్కటే.

ఇంకో సంగతి, నేను తప్పులో కాలేసింది ఇక్కడే. కార్బురేటర్ మీద 32, 34 అని రాసేది కింద థ్రాటిల్ రేకు ఉండే గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. వెంచురీ అంతకంటే చిన్నది, దాని కొలత వేరు. దింపేసిన పాత సోలెక్స్‌కి వెర్నియర్ పెడితే వెంచురీ 24 దగ్గర వచ్చింది. నేను పెట్టినదానికి 28. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది.

పద్మిని ఇంజన్ 1089 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 5000 చుట్ల దగ్గర, సిలిండర్లు 80 శాతం నిండుతాయి అనుకుంటే, నిమిషానికి దాదాపు 2180 లీటర్లు. 24 వెంచురీలో ఆ గాలి వేగం సగటున సెకనుకి 80 మీటర్లు. దానివల్ల పీడనం తగ్గేది వాతావరణ పీడనంలో నాలుగు శాతం లోపే, అందులోనూ చాలా భాగం నడుము దాటాక తిరిగి వచ్చేస్తుంది. అంటే చిన్న వెంచురీ మా ఇంజన్ గొంతేమీ నొక్కడం లేదు. పెద్దది పెట్టి నేను సంపాదించింది పై స్పీడులో ఏదో కాస్త. నాన్న ఆ స్పీడుకి వెళ్లి ఎన్నేళ్లయిందో!

ఇప్పుడు బ్రిడ్జి మీదికి వద్దాం. అక్కడ ఇంజన్ 2000 చుట్ల దగ్గర తిరుగుతుంది. పెడల్ పూర్తిగా నొక్కినా 24 వెంచురీలో గాలి వేగం సెకనుకి 32 మీటర్లు. ఆ లాగుడు నీటి మట్టంలో చెప్పాలంటే ఆరు సెంటీమీటర్లు. అదే 28 వెంచురీలో వేగం 24 మీటర్ల లోపుకి పడిపోతుంది, లాగుడు మూడున్నర సెంటీమీటర్లు కూడా రాదు. వేగం తగ్గింది పావు వంతే, లాగుడు మాత్రం దాదాపు సగం పోయింది, ఎందుకంటే అది వేగం వర్గంతో మారుతుంది. పెడల్ సగమే నొక్కితే ఇంకా తక్కువ. ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ నాజిల్ నోటికంటే కొన్ని మిల్లీమీటర్లు కిందనే ఉంటుంది కాబట్టి ముందు అంత ఎత్తు లేపాలి, ఆ తర్వాతే తుంపర. బెర్నౌలీ సూత్రం మీద వైవాలో రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడినవాణ్ణి, ఆ వర్గం గుర్తు నాన్న కారు దగ్గర మర్చిపోయాను.

బండి ఆగిపోయిన సరైన క్షణం ఏదో కూడా అప్పుడే అర్థమైంది. కార్బురేటర్‌లో ఒక్క దారి ఉండదు. స్లోలో ఉన్నప్పుడు థ్రాటిల్ రేకు కింద ఉన్న చిన్న రంధ్రం నుంచి పెట్రోల్ వస్తుంది. రేకు కొంచెం తెరుచుకోగానే దాని అంచు పక్కనున్న మరికొన్ని సన్న రంధ్రాలు అందుకుంటాయి. ఆ తర్వాత వెంచురీలో లాగుడు సరిపడా పుట్టాక మెయిన్ జెట్ మొదలవుతుంది. ఒకదాని చేతిలోంచి ఇంకొకదాని చేతిలోకి బిందె అందించినట్టు ఉండాలి ఇది. వెంచురీ పెద్దదైతే మెయిన్ జెట్ ఆలస్యంగా నిద్ర లేస్తుంది. పాకుతున్న ట్రాఫిక్‌లో ముందున్న బండి కదలగానే నాన్న పెడల్ నొక్కుతాడు. గాలి వచ్చేస్తుంది, పెట్రోల్ రాదు. ఇంజన్ ఒకసారి దగ్గి ఆగిపోతుంది. పెడల్ నొక్కినప్పుడు చిన్న పంపు ఒక చుక్క పెట్రోల్ చిమ్ముతుంది నిజమే, కానీ అది ఒక్క క్షణం ఆదుకుంటుందంతే.

కాబట్టి రోజూ తిరిగే పాత కారుకి కార్బురేటర్ ఎంచుకోవాలంటే, అది ఎంత గాలి పోనిస్తుంది అన్నది మొదటి ప్రశ్న కాదు. ఎంత తక్కువ గాలితో పని మొదలుపెడుతుంది అన్నది మొదటి ప్రశ్న. రేసు కారు వాళ్ల లెక్క వేరు, వాళ్లు ట్రాఫిక్‌లో ఆగరు.

మిగతా దారులు కూడా చూశాను. మారుతీ 800 కార్బురేటర్ వేద్దామని ఒకరన్నారు, సులువుగా దొరుకుతుందట. కానీ అది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ కోసం జెట్లు కట్టినది, మళ్లీ ప్లేటు చేయించాలి, మళ్లీ జెట్ల వేట. వెబర్ 32/36 గురించి అందరూ గొప్పగా చెప్తారు. అందులో రెండు గొంతులు, చిన్నది ముందు తెరుచుకుని పెద్దది తర్వాత తెరుచుకుంటుంది. నా సమస్యకి సరైన ఆలోచనే, అయితే అది మామూలుగా మా ఇంజన్ కంటే బాగా పెద్ద ఇంజన్ల మీద కూర్చునేది.

నాకు నిజంగా మనసు పడ్డది ఎస్‌యూ కార్బురేటర్ మీద. మోరిస్ మైనర్‌కీ, పాత మినీకీ ఉండేది. దానికి స్థిరమైన నడుమే లేదు. ఒక పిస్టన్ లాగుడుని బట్టి పైకి లేచి దారిని తనే పెద్దది చేసుకుంటుంది, తక్కువ గాలికి తక్కువ దారి, ఎక్కువ గాలికి ఎక్కువ దారి. లాగుడు ఎప్పుడూ దాదాపు ఒకటే. పిస్టన్‌కి వేలాడే కోసుగా చెక్కిన సూది పెట్రోల్ కొలిచి ఇస్తుంది. ఇంత అందమైన మెకానిజం నేను ఇంకోటి చూడలేదు. కానీ మా మానిఫోల్డ్ పైనుంచి కిందికి గాలి పీల్చేది, ఎస్‌యూ పక్కనుంచి పీల్చేది. మానిఫోల్డ్ మార్చాలి, సరైన సూది వెతకాలి. సెలవులన్నీ దానికే పోతాయి, నేను వెళ్లిపోయాక ఏదైనా వస్తే చూసేవాళ్లుండరు. బ్రిడ్జి మీద ఆగిపోతే మా మెకానిక్ బాబాయ్ వచ్చి పావుగంటలో విప్పగలిగినది కావాలి.

చివరికి పాత సోలెక్స్‌నే పట్టుకుని బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. లేత్ మీద రంధ్రాలు సరిచేసి ఇత్తడి బుష్‌లు వేయించాం. కొత్త గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు, పంపు డయాఫ్రం. కార్బురేటర్ కింద వేడి ఎక్కకుండా ఉండే మందపాటి బేకలైట్ ముక్క పగిలి ఉంది, అదీ మార్చాం. మధ్యాహ్నం ఎండలో బండి ఆపితే గిన్నెలో పెట్రోల్ మరిగి మళ్లీ స్టార్ట్ కాకపోవడానికి సగం కారణం అదే. అలాంటప్పుడు చోక్ లాగకూడదు, పెడల్ ఊపకూడదు. నిదానంగా పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి.

ఇక ఒకే ఒక్క చోట నా చదువు పనికొచ్చింది. 1987లో ఆ కార్బురేటర్‌కి జెట్లు కట్టినప్పటి పెట్రోల్ ఇప్పుడు బంకుల్లో లేదు, 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. రెండూ కలిస్తే 13.5 దగ్గర. అంటే పాత జెట్‌తో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడిపోతుంది. పలచనైతే దగ్గు, వేడి, పికప్ లేకపోవడం. మా మెయిన్ జెట్ మీద 115 అని ఉంది, అంటే 1.15 మిల్లీమీటర్ల రంధ్రం. 120 వేస్తే వైశాల్యం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మళ్లీ అదే వర్గం, ఈసారి మన పక్షాన. బాబాయ్ ముందు ఒప్పుకోలేదు, "పెట్రోల్ తాగేస్తది బాబూ" అన్నాడు. రెండు జెట్లతోనూ తిప్పి ప్లగ్గులు విప్పి చూపించాను. 115తో తెల్లగా పాలిపోయి ఉన్నాయి, 120తో లేత గోధుమ రంగు. ప్లగ్గుని వెలుతురుకి పెట్టి చూసి, "సరే, ఇదే ఉంచు" అన్నాడు. పెట్రోల్ గొట్టాలు కూడా ఇథనాల్‌కి ఆగేవి వేశాం. పాత రబ్బరు వేలితో నొక్కితే మెత్తగా ఉబ్బి ఉంది.

సెలవుల ఆఖరి రోజు నాన్న పక్కన కూర్చుని కొవ్వూరు వెళ్లాను. బ్రిడ్జి మీద ఎక్కడో ముందు ఏదో ఆగి, అందరం రెండో గేరులో పాకుతున్నాం. నాన్న పెడల్ నొక్కినప్పుడల్లా నాకు ఊపిరి ఆగేది. బండి మాత్రం ఆగలేదు. అవతలి ఒడ్డు వచ్చాక, "ఆయనకి ఫోన్ చేసి ఇవ్వట్లేదని చెప్పాలి, గుర్తు చెయ్యి" అన్నాడు నాన్న, గేరు మారుస్తూ.

34 కార్బురేటర్ నా హాస్టల్ మంచం కింద ఉంది. శుభ్రంగా కడిగి, నూనె రాసి పెట్టాను. రెండు లీటర్ల ఇంజన్ ఎవరికైనా ఉంటే చెప్పండి, రెండు వేలకే ఇచ్చేస్తాను. ప్లేటు ఉచితం.