పుట్ట లేని పుట్టగొడుగు

పుట్టగొడుగు అను మాటలో రెండు మాటలు కలవు. పుట్ట యనగా చెదపురుగులు కట్టుకొను మంటియిల్లు, గొడుగు మనమెరిగినదే. పుట్టనుండి మొలచిన గొడుగు పుట్టగొడుగు. తన పుట్టుచోటును తన పేరిటనే ఇంత తేటగా చెప్పుకొను పదార్థములు మన వంటింట మిక్కిలి తక్కువ. అయినను నేటి మన పిల్లలకు గొడుగు ఆకారముగల ప్రతిదియు పుట్టగొడుగే. గడ్డిలో మొలచినను, పెంటకుప్పపై మొలచినను, కుళ్ళిన దుంగపై మొలచినను, అంగడిలో డబ్బాయందు తెల్లని గుండీలవలె కూర్చుండినను ఒక్కటే పేరు. మాట వెడల్పయినది, దానితోబాటు అపాయమును వెడల్పయినది. తల్లిదండ్రులకు మేము ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

ఒడిషా దక్షిణపు జిల్లాలైన గంజాము, గజపతి, రాయగడ, కొరాపుటులలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములకు ఆషాఢ శ్రావణములు పుట్టగొడుగుల కాలము. ఉరుములతో వాన కురిసి, ఆపై ఒకటి రెండు దినములు ఉక్కపోసినచో పెరటి గట్టుమీదను, చెట్ల మొదళ్ళయందును, కంచె వారను తెల్లని మొగ్గలు తలలెత్తును. కొండ గ్రామముల స్త్రీలు వానిని ఆకులలో పొట్లములు కట్టి సంతకు తెచ్చి వాటాలు పెట్టి అమ్ముదురు. ఒడియావారు వీనిని ‘ఛతు’ అందురు. ఆ మాటకును గొడుగు అను అర్థముగల ‘ఛతా’కును గల పోలిక స్పష్టమే. కాని ఆ పేరులో పుట్ట లేదు. తమిళుల ‘కాళాన్’లోను, కన్నడిగుల ‘అణబె’లోను లేదు. పుట్టను పేరులోనే నిలుపుకొన్నది తెలుగు. మన పెద్దలు తినదగినవానిని పుట్టగొడుగులనియు, తినరానివానిని కుక్కగొడుగులనియు వేరుచేసి పిలిచెడివారు. ఈ రెండవ మాట పిల్లల నోట వినబడుట దాదాపు మానినది.

పుట్టకును గొడుగునకును గల సంబంధమును కొంచెము వివరింతుము. ఇది మిక్కిలి సొగసైన సంగతి. చెదపురుగులు కట్టెను, ఎండుటాకులను కొరికి మ్రింగును గాని కొన్ని జాతుల చెదలు దానిని స్వయముగా పూర్తిగా జీర్ణించుకొనలేవు. అందువలన అవి సగము జీర్ణమైన ఆ పదార్థమును పుట్టలోపలి గదులలో విసర్జించి, స్పంజివలె బొరియలుగల తోటగా పేర్చును. ఆ తోటపై ఒక శిలీంధ్రము తెల్లని దారములుగా అల్లుకొని కట్టెలోని గట్టి పదార్థమును మెత్తపరచును. దానిపై ఆవగింజంత తెల్లని గుండ్లు పుట్టును. చెదలు ఆ గుండ్లను, పాతబడిన తోట భాగమును తినును. అనగా చెదపురుగు సేద్యము చేయుచున్నదన్నమాట. మానవుడు వ్యవసాయము నేర్చి పదివేల సంవత్సరములు దాటినది. ఈ పురుగులు ఆఫ్రికా ఖండమున సుమారు మూడు కోట్ల సంవత్సరముల క్రిందటనే నేర్చినవని శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. మన ద్వారబంధములను తినివేయు ఈ పురుగుపై మాకు గౌరవము కలిగిన సందర్భము ఇదొక్కటే.

వానకాలమున నేల నానగనే ఆ శిలీంధ్రము తోటనుండి ఒక కాడను పైకి పంపును. అది జానెడో, మూరెడో మట్టిని చీల్చుకొని బయటికి వచ్చి గొడుగు విప్పును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో ఈ ప్రజాతికి ‘టెర్మిటోమైసీస్’ అని పేరిడెను. చెదల శిలీంధ్రమని దాని అర్థము. మన పామరజనులు ఏనాడో పెట్టుకొన్న పేరే శాస్త్రవేషము ధరించి వచ్చినది. తమిళనాడున దొరికిన ఒక జాతిని 1979లో నటరాజన్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించి, హైమ్ గౌరవార్థము ‘టెర్మిటోమైసీస్ హైమీ’ యని నామకరణము చేసెను.

ఇక అపాయమునకు వత్తము. గడచిన వానకాలమున మా అయిదవ తరగతి బాలుడొకడు బడి ఆటస్థలమున మొలచిన పెద్ద తెల్లని గొడుగులను నాలుగింటిని తన భోజనపు డబ్బా మూతలో పెట్టుకొని యింటికి కొనిపోయెను. అవి కూరకు పనికివచ్చునని వాని యుత్సాహము. వాని నాయనమ్మ వానిని చూచి, “పుట్టేదిరా నాయనా?” అని యడిగినదట. పుట్ట లేదు, పచ్చిక మాత్రమే కలదు. ఆమె మారుమాట లేక వానిని పెంటలో పారవేసినది. మరునాడు ఆ బాలుడు చిన్నబోయి ఈ సంగతి మాతో చెప్పగా, మేము ఆటస్థలమున మిగిలియున్న గొడుగులను పరీక్షించితిమి. అరచేయి వెడల్పున్నవి. తెల్లని గొడుగుపై గోధుమవన్నె పొలుసులు, కాడపై పైకి క్రిందికి జరుగు ఉంగరము. ఒక గొడుగును కోసి రేకులవైపు క్రిందికి వచ్చునట్లు తెల్లకాగితముపై బోర్లించి, గిన్నె మూసి రాత్రియంతయు ఉంచితిమి. ఉదయమున కాగితముపై పడిన పొడి ఆకుపచ్చని ఛాయలో నుండెను. అది ‘క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటీస్’. ఉష్ణదేశములలో ఆటస్థలములయందును, ఇండ్ల ముంగిళ్ళ పచ్చికయందును విస్తారముగా మొలచునది. తినినవారికి ఒకటి మొదలు మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును. పెద్దవారు సాధారణముగా కోలుకొందురు. చిన్నపిల్లల శరీరమునుండి నీరు పోయి ప్రాణముమీదికి రావచ్చును. ఆ వృద్ధురాలు వృక్షశాస్త్రము చదువలేదు. ఆమెకు మాట తెలియును, అంతే.

పుట్టగొడుగును గుర్తించునపుడు మొట్టమొదట చూడవలసినది వేరు. కాడను పట్టి లాగక, ప్రక్కనున్న మట్టిని కర్రతో త్రవ్వి చూడవలెను. నిజమైన పుట్టగొడుగు కాడ నేలలోనికి సన్నబడుచు పొడవుగా దిగి చెదల తోటను చేరును. త్రవ్వినకొలది చెదపురుగులు కనబడును. గొడుగు నడినెత్తిన గట్టి మొన యుండును. మట్టిని పొడుచుకొని వచ్చుటకు అదియే దాని సాధనము. రేకులు మొదట తెల్లగానుండి పిదప లేత గులాబివన్నెకు తిరుగును. కాగితముపై పడు పొడియు ఆ వన్నెయే. కాడ అడుగున గిన్నెవంటి తొడుగు ఎంతమాత్రము ఉండదు. తొడుగు కనబడినచో చేతిలోనిది ప్రాణాంతకమైన ‘అమానిటా’ తెగకు చెందినది కావచ్చునని తలచి విడిచిపెట్టవలెను. ఉంగరమును చూచి మాత్రము తీర్పు చెప్పరాదు, ఏలయన పైన చెప్పిన హైమీ జాతికి కాడపై ఉంగరము కలదు. గులాబివన్నె పొడిని చూచియు తీర్పు చెప్పరాదు. కొన్ని విషజాతుల పొడియు గులాబివన్నెయే. వేరు, మొన, రేకులు, పొడి, తొడుగు లేకుండుట, చెదలు కనబడుట, ఇవన్నియు ఒక్కచో కూడినపుడే పుట్టగొడుగు. వీనిలో ఒక్కటి తప్పినను పారవేయుడు. ఒక పూట కూర పోయినందువలన ఎవరును చెడిపోరు.

చెదలు తోట మట్టిని బయట పారబోసిన చోట గోటియంత చిన్నవి వందలకొలది మొలచు జాతియు ఒకటి కలదు. అదియు ఈ కుటుంబములోనిదే, రుచికరమైనదే. కాని దానికి పొడవైన వేరు ఉండదు. కనుక తరతరములుగా ఏరుకొని తినుచున్న అనుభవజ్ఞులు తప్ప ఇతరులు దాని జోలికి పోకుండుట మేలు.

వరిగడ్డి పుట్టగొడుగును గూర్చి ఒక మాట. ఒడియాలో దీనిని ‘పాళ ఛతు’ అందురు. మన పిల్లలు ‘పాల’ అని విని ఇది పాలవలె తెల్లనిదని తలచుట కద్దు. ఒడియాలో పాళ యనగా గడ్డి. ఈ సేద్యమున ఒడిషా దేశమంతటికిని ముందున్నది, సంతలో కొన్నదానికి భయము లేదు. కాని ఈ జాతికి అడుగున తొడుగు సహజముగానే యుండును. అందుచేత గడ్డివాము ప్రక్కన తనంతట మొలచినదానిని కొన్నదానితో పోల్చిచూచి ఇది అదియే యనుకొనుట ప్రమాదము. అమెరికా వలస వెళ్ళిన ఆగ్నేయాసియా వాసులలో కొందరు తమ దేశపు గడ్డి పుట్టగొడుగని భ్రమించి అమానిటాను తిని చనిపోయినారు. మన దేశముననే 2022 ఏప్రిలులో అస్సామున అడవి గొడుగులను తిని కొలది దినములలో 13 మంది మరణించిరి. వారిలో పలువురు తేయాకు తోటల కుటుంబములవారు, చిన్నపిల్లలును ఉండిరి.

మన యిండ్లలో వాడుకలోనున్న పరీక్షలు కొన్ని కలవు. వెండి నాణెము వేసి ఉడికించినపుడు నల్లబడినచో విషమనియు, వెల్లుల్లి రంగు మారినచో విషమనియు, పురుగు తొలిచినది మనుష్యుడు తినవచ్చుననియు చెప్పుదురు. ఇవియన్నియు వట్టివి. అమానిటా విషము వెండిని నల్లబరుపదు. దానిని నత్తలు హాయిగా తినును. ఉడికించినను, ఎండబెట్టినను ఆ విషము పోదు. పసుపు వేసి కడిగినంతమాత్రమున విషము విరుగునని మాత్రము దయయుంచి ఎవరును నమ్మకుందురుగాక.

కోయునపుడు పుట్ట రంధ్రములలో చేయి పెట్టరాదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను. చెదలు విడిచిన బొరియలలో ఎలుకలు చేరును, ఎలుకల వెంట పాములు చేరును. నాగులచవితినాడు పాలు పోయు చేయియే ఆషాఢమున మరచి రంధ్రములోనికి పోరాదు. చుట్టును మట్టిని కర్రతో వదులుచేసి, కాడను మెల్లగా త్రిప్పుచు పైకి తీయవలెను. లోపలి తోటను చెరుపకున్నచో మరుసటి యేడు అదే తావున మరల మొలచుటకు వీలుండును. ఏ పుట్ట ఏ తిథికి మొలచునో లెక్క చెప్పగల వృద్ధులను మేమెరుగుదుము. సగము విచ్చినవి శ్రేష్ఠము; పూర్తిగా విచ్చి అంచులు చీలినవానిలో పురుగు పట్టియుండును, వానిని విడిచినచో పొడి రాలి జాతి నిలుచును. ఇంటికి చెదల మందు కొట్టించినవారు ఆ ఆవరణలో మొలచిన వేనిని తినరాదు. కాలువల ప్రక్కను, రహదారుల ప్రక్కను మొలచినవియు కూడదు. ఇవి నేలలోని చెడుగును పీల్చుకొను స్వభావము కలవి.

తెచ్చిన పూటనే వండవలెను. మరునాటికి మెత్తబడి వాసన వేయును. మట్టి పట్టిన వేరు భాగమును కోసివేసి, గొడుగుపై పొరను చాకుతో గీకి, ఉప్పు కలిపిన నీటిలో మూడు నాలుగు మారులు కడుగవలెను. కత్తితో తరుగుటకంటె చేతితో నిలువుగా చీల్చుట మంచిది, లోపల పురుగున్నచో కనబడును. ఉల్లిపాయలు వేగిన నూనెలో వేసి మూత పెట్టినచో అవియే నీరు వదలును. ఆ నీరు పూర్తిగా ఇగిరిపోవువరకు ఉడికింపవలెను. మన ఇండ్లలో చింతపండు పిసికి పులుసు పెట్టుట, ఆవపిండి కలిపి దింపుట రెండును కలవు. ఒడియావారు ఆవముద్దతో చేయు ‘బెసర’యు దాదాపు మన ఆవ పెట్టిన కూరయే. ఆకులో చుట్టి నిప్పులపై కాల్చుట కొండవారి పద్ధతి; రుచిలో దానిదే పైచేయి యని మా అభిప్రాయము, కాని లోపలిదాక కాలినదో లేదో చూచుకొనవలెను. ఎంత మేలిరకమైనను అడవి గొడుగును పచ్చిగా తినరాదు. కాశ్మీర, హిమాచల పర్వతములలో దొరకి బహుమూల్యమునకు అమ్ముడుపోవు గుచ్ఛి సైతము పచ్చిగా హాని చేయును. 2023లో అమెరికాలోని మోంటానాలో ఒక భోజనశాలయందు ఆ తెగ గొడుగులను సరిగా ఉడికింపక వడ్డించగా 51 మంది జబ్బుపడిరి, ఇద్దరు మరణించిరి. మొదటిసారి తినువారికి కొంచెమే పెట్టవలెను.

తినిన పిదప వాంతులు పట్టుకొన్నచో చింతపండు రసమనియు మజ్జిగయనియు కాలము గడుపక ఆసుపత్రికి కొనిపోవలెను. వాంతులు త్వరగా మొదలగుటకంటె ఆలస్యముగా మొదలగుటయే ఎక్కువ భయంకరము. అమానిటా తినినవారికి ఆరు గంటలు మొదలు పండ్రెండు గంటలవరకు, ఒక్కొక్కప్పుడు ఒక దినమువరకు ఏమియు తెలియదు. పిదప వాంతులు, విరేచనములు కలిగి, రెండవ మూడవ దినమున తగ్గినట్లే కనబడును. పిల్లవాడు లేచి కూర్చుండును. ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొనును. ఆ సమయముననే లోపల కాలేయము చెడుచుండును. తగ్గినదని ఆసుపత్రి విడిచి రాకూడదు. ఒకే కూర తినినవారందరును, బాగుగానున్నవారితో సహా, పోవలెను. మిగిలిన గొడుగులను, లేనిచో చెక్కిన తొక్కలనైనను కాగితములో చుట్టి తీసికొనిపోవలెను. ఎన్ని గంటలకు తినినారో, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయినదో వ్రాసికొని పోవలెను.

వైద్యునితో చెప్పునపుడు మాట జాగ్రత్త. ఒడియాలో ‘ఛతు’ వేరు, ‘ఛతువా’ వేరు. ఛతువా యనగా అంగన్వాడీలలో పిల్లలకిచ్చు వేయించిన గింజల పిండి. కంగారులో ఒకదానికి ఒకటి పలికినచో వైద్యుడు పిండి తిని అజీర్ణము చేసినదనుకొనును. ‘జంగల్ ఛతు’ అని రెండు మాటలును కలిపి చెప్పి, చేతిలోని కాగితపు పొట్లమును విప్పి చూపవలెను.