విడిభాగముల కొనుగోలు – రసీదు విలువ

గ్రామసీమలలో యంత్రముల వాడుక నానాటికి పెరుగుచున్నది. కపిలలు తోలిన చోట నేడు విద్యుత్ మోటార్లు నీరు తోడుచున్నవి. ఎడ్లబండ్లు నడచిన బాటలలో ట్రాక్టర్లు, పాల ఆటోలు, మోటారు సైకిళ్లు తిరుగుచున్నవి. పూర్వము నాగటికర్రు అరిగినచో రైతు ఊరి కమ్మరి కొలిమి వద్దకు పోయెడివాడు. పని కన్నులయెదుటనే జరిగెడిది. చేసినవాడెవరో, ఎంత తీసికొన్నాడో ఊరందరికిని తెలిసియుండెడిది. నేడు క్లచ్ ప్లేటు పోయినచో పట్టణమునకు పోవలెను. మూసియున్న పెట్టెలోని వస్తువును, తనకు తెలియని ధరకు, తాను ఎరుగని వర్తకుని వద్ద కొనవలెను. ఈ మార్పు వలన కలుగు ఇబ్బందులను, వాటికి గల మార్గములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట ఎంతయు అవసరము.

నష్టము ఎచ్చట కలుగుచున్నది?

జూన్, జూలై నెలలలో వాన కురిసి వేరుసెనగ విత్తుటకు అదను వచ్చినదనుకొందము. కుప్పము ప్రాంతమున ఒక రైతు ట్రాక్టరు ఆగిపోయినది. మెకానిక్కు చెప్పిన పేరును నోట ఉంచుకొని అతడు పట్టణమునకు పోయినాడు. ఒక అంగడిలో ఒక ధర, ప్రక్క అంగడిలో వేరొక ధర చెప్పినారు. తెచ్చిన సామాను బండికి సరిపోలేదు. తిరిగి పోయినచో “అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు” అను మాట ఎదురైనది. ఇంతలో భూమిలోని పదును ఆరిపోయినది. ఇట్టి సందర్భములో వస్తువు ధర కంటె పోయిన దినముల విలువయే ఎక్కువ.

పంచాయతీ నీటి మోటారు వేసవిలో ఆగినచో ఊరంతయు బిందెలతో నిలువవలసి వచ్చును. బ్రేకు సామాను నాసిరకమైనచో మొగిలి ఘాటు దిగు బండికి ప్రాణాపాయమే కలుగవచ్చును. కావున ఇది కొద్దిపాటి రూపాయల విషయము మాత్రమే కాదు.

ధరలలో తేడా ఎందుకు?

వాహనమును తయారుచేయు కంపెనీ దాని భాగములన్నిటిని తానే చేయదు. బేరింగులు, ఫిల్టర్లు, బ్రేకు సామాను మొదలగువానిని వేర్వేరు కర్మాగారముల నుండి తెప్పించుకొనును. మన తిరుపతి జిల్లాలోనే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, చినపాండూరులో అపోలో టైర్లు తయారగుచున్నవి. ఇట్టి భాగములు చేయు సంస్థలలో అనేకములు ఒకే రకపు వస్తువును వాహన కంపెనీ పెట్టెలోను, తమ సొంత పేరుగల పెట్టెలోను అమ్మకమునకు పంపును. రెండవది సాధారణముగా చౌక. మూడవది, చిన్న కార్ఖానాలలో చేసిన “లోకల్” సామాను. దీనిలో మంచిదియు కలదు, చెడ్డదియు కలదు. నాల్గవది పేరున్న కంపెనీ గుర్తును దొంగిలించి చేసిన నకిలీ. మొదటి మూడింటిని అమ్ముట న్యాయమైన వ్యాపారమే. నాల్గవది నేరము. కొనువారు “ఇది ఈ నాలుగింటిలో ఏది?” అని ముందుగా అడిగి, ఆ సమాధానమును రసీదులో వ్రాయించుకొనవలెను.

అధిక ధరల సమస్య మనకు మాత్రమే పరిమితము కాదు. విడిభాగములను బయటి అంగళ్లకు, స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండ చేసినందులకు 14 కార్ల కంపెనీలపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయమున తప్పును నిర్ధారించి, జరిమానాను తగ్గించినది. 2022లో కేంద్ర ప్రభుత్వము “మరమ్మతు హక్కు” విషయమై ఒక సంఘమును నియమించి, వాహనములను, వ్యవసాయ పరికరములను అందులో చేర్చినది. అమెరికా రైతులు సైతము తమ ట్రాక్టర్లను తామే బాగుచేసికొను హక్కు కొరకు పోరాడవలసి వచ్చినది.

పెట్టెపై చూడవలసినవి

2011 నాటి ప్యాకేజి సరుకుల నిబంధనల ప్రకారము చిల్లరగా అమ్ము పెట్టెపై తయారుచేసిన లేక దిగుమతి చేసిన వారి పేరు, చిరునామా, వస్తువు పేరు, సంఖ్య, నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన చోటు ముద్రింపబడి ఉండవలెను. గరిష్ఠ ధర అనగా అన్ని పన్నులు కలిసిన ధర. అంతకు తక్కువకు అమ్మవచ్చును గాని ఎక్కువకు అమ్మరాదు. “బిల్లు కావాల్నా అన్నా? అట్లయితే ట్యాక్సు పడ్తాది” అని కొందరు వర్తకులు అనుట కలదు. పెట్టెపై ధర ముద్రించియున్నప్పుడు దానిపై పన్ను పేరుతో అదనముగా తీసికొనుట చట్టవిరుద్ధము. పెట్టె లేక విడిగా అమ్ము సామానుకు ఈ రక్షణ లేదు. అట్టివానిని కొనునపుడు రెండు మూడు అంగళ్లలో ధర విచారించుట మేలు.

పన్ను రేట్లు 2025 సెప్టెంబరు 22 నుండి మారినవి. మోటారు వాహనముల భాగములలో 28 శాతము పన్ను ఉండినవి 18 శాతమునకు తగ్గినవి. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, పేర్కొనబడిన ట్రాక్టరు భాగములపై పన్ను 18 నుండి 5 శాతమునకు తగ్గినది. పన్నుకు ముందు 1,000 రూపాయలు విలువగల భాగము 28 శాతము పన్నుతో 1,280 రూపాయలు కాగా, 18 శాతముతో 1,180 రూపాయలగును. ఈ తగ్గింపు మీకు అందినదా లేదా అనునది రసీదు వలననే తెలియును.

రసీదు ఇచ్చు బలము

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. రసీదు ఇయ్యకుండుట దీని ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. లోపము గల సరుకును రసీదులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పనిచో 30 దినములలోగా, వాపసు తీసికొని సొమ్ము ఇచ్చుటకు నిరాకరించుటయు అట్టిదే. కావున వాపసు లేదని గోడపై వ్రాసినంతమాత్రమున లోపము గల వస్తువు విషయమున మన హక్కు పోదు. అయితే వస్తువు మంచిదై, కొన్నవారే పొరపాటున వేరొక రకమును అడిగి తెచ్చినచో, వాపసు వర్తకుని మర్యాదపై ఆధారపడి ఉండును.

ఇచ్చట వర్తకుని కష్టమును కూడ గ్రహింపవలెను. ఒకే ట్రాక్టరులో మోడలు మారిన కొలది భాగములు మారుచుండును. బిగించి విప్పిన విద్యుత్ సామానును అతడు మరియొకరికి అమ్మలేడు. కావున కొనబోవువారు పాత భాగమును, బండి మోడలు, సంవత్సరము, ఛాసిస్ నంబరులను వెంట తీసికొనిపోవలెను. బ్యాటరీ వంటివానికి గ్యారంటీ కార్డుపై తేదీ, అంగడి ముద్ర వేయించుకొనవలెను. మార్చిన పాత భాగమును మెకానిక్కు వద్ద నుండి తిరిగి అడిగి తీసికొనవలెను.

ఫిర్యాదు చేయు విధము

ముందుగా వర్తకునికి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఫలితము లేనిచో 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. గరిష్ఠ ధరను మించి తీసికొన్నను, ధరను చెరిపివేసినను తూనికలు కొలతల శాఖకు తెలుపవలెను. నష్టపరిహారము కొరకు జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపున్నచో రుసుము లేదు. వివాదము పుట్టిన రెండు సంవత్సరముల లోపల ఫిర్యాదు చేయవలెను. లాభము కొరకు వ్యాపారముగా నడుపు బండ్లకు ఈ చట్టము వర్తింపకపోవచ్చును గాని, స్వయముగా నడుపుకొని జీవించు ఆటో డ్రైవరును, రైతును చట్టము వినియోగదారునిగనే భావించును.

పంచాయతీలు చేయదగినవి

మొదట పంచాయతీ తన ఇంటిని తాను చక్కదిద్దుకొనవలెను. నీటి మోటార్లకు, పారిశుధ్య వాహనములకు ఒక పుస్తకము పెట్టి, మార్చిన భాగము పేరు, నంబరు, అంగడి, రసీదు సంఖ్య, వెల, గ్యారంటీ ముగియు తేదీ వ్రాయించవలెను. ఆరు నెలలలో ఒకే బేరింగు రెండుమార్లు పోయినచో ఈ పుస్తకమే చెప్పును. ఆడిట్టునకును ఇదియే ఆధారము. రెండవది, విత్తు కాలమునకు ముందే ఊరి ట్రాక్టరు యజమానులు ఫిల్టర్లు, బెల్టులు, ఆయిలు కలిసి కొన్నచో బేరము చేయు శక్తి పెరుగును, అదనులో పరుగు తప్పును. మూడవది, చదువురాని రైతుకు ఫిర్యాదు వ్రాసిపెట్టుటకు ఊరిలోని చదువుకొన్న యువకులను నియోగింపవలెను.

డిసెంబరు 24వ తేదీ జాతీయ వినియోగదారుల దినము. ఆనాడు ఊరి రచ్చబండ వద్ద సభ్యులు ఒక ఖాళీ పెట్టెను, ఒక రసీదును చేతబట్టి, వానిపై ఏమి ఉండవలెనో ప్రజలకు చదివి వినిపింపవలెను. అడిగి రసీదు తీసికొను అలవాటు పది ఇండ్లలో ఏర్పడినచో, పట్టణములోని అంగడివాడు ఆ ఊరివారికి సరియైన సరుకును, సరియైన ధరకే ఇచ్చును.