బడి ఏకరూప దుస్తుల వ్యయం – కుటుంబ భారం: తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

విద్యార్థుల మధ్య ఆర్థిక వ్యత్యాసాలు కనిపించకుండా చేయడం ఏకరూప దుస్తుల ప్రధానోద్దేశం. అయితే ఆ దుస్తులను సమకూర్చుకోవడమే పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ఒక పరీక్షగా మారుతున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని ప్రభుత్వ పథకాలు, ప్రైవేటు పాఠశాలల రీతులు, విద్యాహక్కు చట్టంలోని నిబంధనలు ఆధారంగా ఈ వ్యయం ఎట్లా ఏర్పడుతున్నదో, ఎవరిపై పడుతున్నదో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఏకరూప దుస్తులు, విద్యావ్యయం, విద్యాహక్కు చట్టం, సమగ్ర శిక్ష, కుట్టుకూలి, ప్రైవేటు పాఠశాలలు.

1. ఉపోద్ఘాతం

విద్యావ్యయం అనగానే పరిశోధకుల దృష్టి సాధారణంగా బోధనా రుసుములపై నిలుస్తుంది. దుస్తులు, బూట్లు, సంచి వంటివి చిల్లర ఖర్చులుగా పక్కకు పోతాయి. గణాంక సేకరణలోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత విద్యావ్యయాన్ని విభజించినప్పుడు పుస్తకాలు, రాతసామగ్రి, యూనిఫాం మూడింటినీ ఒకే పద్దు కింద చేర్చింది. అందువల్ల దుస్తులకు విడిగా ఎంత ఖర్చవుతున్నదో ఆ పద్దు నుంచి తెలుసుకోవడం సాధ్యం కాదు.

2025లో వెలువడిన విద్యపై సమగ్ర మాడ్యులర్ సర్వే ప్రకారం దేశంలో ఒక విద్యార్థిపై కుటుంబం పెట్టే సగటు వార్షిక వ్యయం ప్రభుత్వ పాఠశాలల్లో ₹2,863, ప్రభుత్వేతర పాఠశాలల్లో ₹25,002. ఈ రెండు అంకెల మధ్య అంతరాన్ని అందరూ గమనిస్తారు. కానీ రుసుము లేని ప్రభుత్వ బడిలో కూడా కుటుంబం కొంత ఖర్చు భరిస్తున్నదన్నది మొదటి అంకె చెప్పే విషయం. ఉచిత విద్య అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదో తెలుసుకోవడానికి ఏకరూప దుస్తులు తగిన ఉదాహరణ.

2. చట్టం చెప్పేది

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం (2009) మూడవ విభాగం, ప్రాథమిక విద్యను కొనసాగించి పూర్తి చేయడానికి ఆటంకమయ్యే ఎటువంటి రుసుము గాని, ఖర్చు గాని బాలబాలికలపై పడకూడదని స్పష్టం చేసింది. ఇక్కడ ‘రుసుము’తో పాటు ‘ఖర్చు’ అన్న పదం కూడా ఉండటం ముఖ్యం. పాఠశాల నేరుగా వసూలు చేయకపోయినా, బడికి రావడానికి తప్పనిసరి అయిన వ్యయం కూడా ఈ పరిధిలోకి వస్తుందని దీని భావం. కేంద్రం 2010లో రూపొందించిన నమూనా నియమాలు పాఠ్యపుస్తకాలు, రాతసామగ్రితో పాటు ఏకరూప దుస్తులను కూడా ఉచితంగా పొందే హక్కుగా పేర్కొన్నాయి. ప్రైవేటు పాఠశాలల్లో 25 శాతం కోటా కింద చేరిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

ఈ హక్కుకు ఆర్థిక రూపం ఇచ్చింది మొదట సర్వశిక్షా అభియాన్, 2018–19 నుంచి సమగ్ర శిక్ష. తొలుత రెండు జతలకు ₹400గా ఉన్న పరిమితి సమగ్ర శిక్షలో ₹600 అయింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు చదివే బాలికలందరికీ, షెడ్యూల్డు కులాల, షెడ్యూల్డు తెగల, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల బాలురకు ఇది వర్తిస్తుంది. అంటే జతకు ₹300. గుడ్డ, కుట్టుకూలి రెండూ ఇందులోనే ఇమడాలి. ఈ పరిధిలోకి రాని బాలురకు, తొమ్మిది, పది తరగతుల వారికి ఇవ్వాలంటే రాష్ట్రాలు సొంత నిధులు వెచ్చించాలి.

3. ప్రభుత్వ బడి: గుడ్డకూ దుస్తులకూ మధ్య దూరం

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో ప్రారంభమైన విద్యాకానుక పథకం మూడు జతల దుస్తులకు సరిపడే గుడ్డ, బూట్లు, మేజోళ్లు, బెల్టు, సంచి, పుస్తకాలను ఒకే కిట్‌గా అందించింది. ప్రభుత్వం మారిన తరువాత 2025 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కిట్ల పంపిణీ కొనసాగుతున్నది. తెలంగాణలో ప్రభుత్వం గుడ్డ సేకరించి, మహిళా స్వయంసహాయక సంఘాల చేత కుట్టించి ఇచ్చే పద్ధతిని అనుసరిస్తున్నది. ఈ గుడ్డలో గణనీయమైన భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినదే. ఒక ఇంటి ఖర్చును తగ్గించే పథకం మరొక ఇంటికి పనిదినాలను కల్పిస్తున్నదన్నమాట.

రెండు పద్ధతుల మధ్య భేదం కుట్టుకూలి దగ్గర తేలుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గుడ్డ ఇచ్చి, కుట్టుకూలి కింద ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి జతకు ₹40, తొమ్మిది, పది తరగతుల వారికి జతకు ₹80 చొప్పున నిర్ణయించారు. మూడు జతలకు ఇది వరుసగా ₹120, ₹240 అవుతుంది. ₹40కి ఒక చొక్కా, నిక్కరు కుట్టే దర్జీ పల్లెల్లో సైతం అరుదు. మిగిలిన మొత్తాన్ని కుటుంబమే భరించాలి. ఫలితంగా మూడు జతల గుడ్డ అందినా ముందుగా ఒక జత మాత్రమే కుట్టించి, మిగతా గుడ్డను కూలి డబ్బు సమకూరేదాకా పెట్టెలో ఉంచే పరిస్థితి ఏర్పడుతుంది. పథకం లెక్కలో మూడు జతలు, పిల్లవాడి ఒంటి మీద ఒకటి.

తెలంగాణ పద్ధతిలో ఈ భారం కుటుంబం మీద పడదు గాని, కుట్టే మహిళ మీదికి మళ్లుతుంది. జతకు ₹50గా ఉన్న కుట్టుకూలిని 2024లో ₹75కు పెంచడం ఈ అసమతుల్యానికి గుర్తింపు. అంతేకాక మూకుమ్మడిగా కుట్టినప్పుడు కొలతలు ఒక్కొక్క బిడ్డకు సరిపోకపోవడం సహజం. బిగుతుగానో వదులుగానో వచ్చిన దుస్తులను మళ్లీ దర్జీ వద్దకు తీసుకుపోతే ఆ ఖర్చు తిరిగి ఇంటిదే.

4. కాలం – వ్యయం

వ్యయాన్ని మొత్తంగా చూడటం ఒక పద్ధతి. అది ఎప్పుడు మీద పడుతున్నదో చూడటం మరొకటి. రెండు రాష్ట్రాల్లోనూ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. మృగశిర కార్తె ప్రవేశించి, ఏరువాక మొదలై, విత్తనాలకు, ఎరువులకు రైతు అప్పు చేసే సమయం అదే. వేసవిలో ఉపాధి పనులు చేసిన కూలీ కుటుంబానికి రావలసిన వేతనం చేతికందని సందర్భాలూ ఉంటాయి.

ఒక లెక్కను ఊహిద్దాం. ప్రైవేటు బడిలో చదివే ఇద్దరు పిల్లల దుస్తులు, బూట్లు, మేజోళ్లకు ఒక కుటుంబం ₹5,000 ఖర్చు చేసిందనుకుంటే, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చట్టం నిర్దేశించిన 220 పనిదినాలకు పంచినప్పుడు ఒక్కొక్క బిడ్డకు రోజుకు సుమారు ₹11 మాత్రమే అవుతుంది. ఆ మొత్తాన్ని ఏడాది పొడవునా చెల్లించే వీలుంటే భారం స్వల్పం. కానీ జూన్ మొదటి వారంలోనే ఒకేసారి చెల్లించాలి. చేతిలో డబ్బు లేనివారు వడ్డీకి తెస్తారు. కాబట్టి పేద కుటుంబానికి అదే జత దుస్తులు సంపన్న కుటుంబానికంటే ఎక్కువ ధరకు లభిస్తాయి. ప్రభుత్వ గుడ్డ ఆలస్యంగా అందినప్పుడు జరిగే నష్టం కూడా ఇటువంటిదే. సెప్టెంబరులో వచ్చిన ఉచిత దుస్తులు జూన్‌లో చేసిన ఖర్చును తిరిగి ఇవ్వలేవు.

దీనికి తోడు పిల్లల ఎదుగుదల ఉన్నది. బడి వయస్సులో బిడ్డ ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతుంది. అందుకే తల్లులు ఒక అంగుళం ఎక్కువ పెట్టి, అంచు లోపలికి మడిచి కుట్టించి, మరుసటి ఏడు కుట్లు విప్పి పొడవు పెంచుతారు. పెద్దబిడ్డ దుస్తులు చిన్నబిడ్డకు వస్తాయి. ఈ గృహ ఆర్థిక నైపుణ్యాన్ని నిరర్థకం చేసేది పాఠశాల రంగు లేదా నమూనా మార్చే నిర్ణయం. ప్రభుత్వం మారినప్పుడో, యాజమాన్యం మారినప్పుడో తీసుకునే ఈ నిర్ణయం ఇంట్లో ఉన్న పాత జతల విలువను ఒక్కసారిగా తుడిచివేస్తుంది.

5. ప్రైవేటు పాఠశాల: ఎంపిక లేని కొనుగోలు

ప్రైవేటు బడులన్నీ సంపన్నుల బడులు కావు. ఆటో నడిపేవారు, చిరువ్యాపారులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు తమ పిల్లలను తక్కువ రుసుము గల బడులకు పంపుతున్నారు. ఇక్కడ మూడు కారణాల వల్ల వ్యయం పెరుగుతుంది. మొదటిది జతల సంఖ్య. వారంలో నాలుగు రోజులు ఒక రంగు, మిగిలిన రోజుల్లో తెల్ల దుస్తులు, తెల్ల బూట్లు, ఆటల రోజున మరొక టీషర్టు అన్న నియమం అనేక బడుల్లో ఉన్నది. రెండవది చిహ్నం. జేబు మీద పాఠశాల ముద్ర, ప్రత్యేకమైన గళ్ల గుడ్డ, ముద్రించిన టై, బెల్టు ఉన్నప్పుడు బజారులో దొరికే సాధారణ దుస్తులు పనికిరావు. మూడవది విక్రయస్థలం. పాఠశాల ఆవరణలోనో, అది సూచించిన ఒకే దుకాణంలోనో కొనవలసి వస్తే బేరానికి తావు ఉండదు. దుస్తులను ఎంచేది పాఠశాల, డబ్బు చెల్లించేది తల్లిదండ్రులు. ఎంచేవారికి ధర తగలదు కనుక దాన్ని తగ్గించే ప్రేరణ వారికి ఉండదు.

నియంత్రణ ప్రయత్నాలు లేకపోలేదు. 2017లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పాఠశాలలు వ్యాపార సంస్థలు కావని గుర్తుచేస్తూ, ఆవరణలో పుస్తకాలు, దుస్తులు అమ్మరాదని సూచించింది. కానీ ఆవరణలో అమ్మకాన్ని నిషేధిస్తే అది ఎదురుగా ఉన్న దుకాణానికి తరలుతుంది. స్థలం మారుతుంది గాని గుత్తాధిపత్యం మారదు. ఇంగ్లండులో 2021లో చేసిన చట్టం ఈ చిక్కును మరొక వైపు నుంచి చూసింది. పాఠశాల ముద్ర ఉన్న వస్తువుల సంఖ్యను కనిష్ఠంగా ఉంచాలన్నది దాని కింద వెలువడిన మార్గదర్శకాల సారాంశం. అక్కడ పిల్లల దుస్తులపై విలువాధారిత పన్ను కూడా సున్నా. మన వస్తు సేవల పన్నులో బడి దుస్తులకు ప్రత్యేక స్థానం లేదు. సాధారణ దుస్తులకు వర్తించే పన్నే వీటికీ వర్తిస్తుంది.

6. దుస్తులు – హాజరు

ఈ వ్యయం చదువును నిజంగా ప్రభావితం చేస్తుందా అన్న ప్రశ్నకు కెన్యాలో జరిగిన క్షేత్ర ప్రయోగాలు కొంత సమాధానం ఇచ్చాయి. పశ్చిమ కెన్యాలోని 328 పాఠశాలల్లో ఎస్తర్ డుఫ్లో, పాస్కలీన్ డుపా, మైకేల్ క్రేమర్ జరిపిన అధ్యయనంలో, ఉచిత దుస్తులు అందిన బడుల్లో బాలికల డ్రాపౌట్ రేటు మూడేళ్ల కాలంలో సుమారు 19 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. చిన్నవయసులో గర్భం దాల్చడం కూడా తగ్గింది. బోధనలో మార్పు చేయకుండా, దుస్తుల ఖర్చును మాత్రమే తొలగించడం వల్ల వచ్చిన ఫలితమిది. కెన్యా పరిస్థితులను యథాతథంగా తెలుగు నేలకు అన్వయించలేము. అయినా ఖర్చు చిన్నదే కావచ్చు, దాని పర్యవసానం చిన్నది కానక్కరలేదని ఇది చూపుతున్నది.

ఒకే జత ఉన్న బిడ్డకు అది ఉతికి ఆరితేనే మరునాటి బడి. వానాకాలంలో ఆరని దుస్తులు గైర్హాజరుకు కారణమవుతాయి. బాలికలకు నెలసరి రోజుల్లో రెండవ జత లేకపోవడం మరింత ఇబ్బంది. వెలిసిన చొక్కా, తెగిన గుండీ, పొట్టిదైన లంగా తరగతిలో వెంటనే గుర్తుపట్టబడతాయి. అందరూ ఒకే రంగు ధరించినప్పుడు ఆ రంగు ఎంత వెలిసిందన్నదే పేదరికానికి కొలత అవుతుంది. భేదాన్ని దాచడానికి పుట్టిన వస్త్రం ఈ విధంగా భేదాన్ని చాటుతుంది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి నాలుగు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గుడ్డ ఇవ్వడంతో దుస్తులు ఇచ్చినట్లు కాదు. కుట్టుకూలి వాస్తవ ధరకు దగ్గరగా ఉన్నప్పుడే హక్కు పూర్తవుతుంది. రెండు, బడి తెరిచే రోజుకు అందని సాయం విలువ సగానికి సగం తరిగిపోతుంది. మూడు, ప్రైవేటు బడుల విషయంలో అమ్మే స్థలంపై ఆంక్షల కంటే, బజారులో దొరికే సాధారణ రంగు దుస్తులను అనుమతించడం, ముద్ర ఉన్న వస్తువులను పరిమితం చేయడం, నమూనాను నిర్ణీత కాలం మార్చకుండా ఉంచడం ఎక్కువ ఫలితమిస్తాయి. నాలుగు, సర్వేల్లో దుస్తుల వ్యయానికి విడి పద్దు ఉంటే తప్ప విధానాల ఫలితాన్ని కొలవలేము.

జిల్లాస్థాయి క్షేత్ర పరిశోధనలకు ఇక్కడ విస్తృతమైన అవకాశం ఉన్నది. జూన్ నెలలో ఇంటి అప్పులు, కుట్టించిన జతల సంఖ్య, వానాకాలపు హాజరు – ఈ మూడింటినీ కలిపి చూసే అధ్యయనం, ఉచిత విద్య అన్న వాగ్దానం గడప దాటి ఇంట్లోకి ఎంతవరకు వచ్చిందో తేల్చగలదు.