టోక్యోలో ఒక వేసవి: పిల్లల్ని పంపే ముందు మనం తెలుసుకోవాల్సినవి



ఈ మధ్య పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "మా అబ్బాయి జపాన్ వెళ్లి నెల రోజులు చదువుకుంటానంటున్నాడు. పంపమంటారా?" కొందరు పిల్లలు అనిమే చూసి ముచ్చటపడుతున్నారు. కొన్ని ఇళ్లలో ఏజెంటు ఇచ్చిన రంగుల బ్రోషరు చూసి తల్లిదండ్రులే ముచ్చటపడుతున్నారు. ఖర్చు మాత్రం ఎవరికైనా లక్షల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ డబ్బుకు నిజంగా ఏం వస్తుందో, ఏం రాదో ముందే తెలుసుకోవడం మంచిది. ఉదాహరణకు టోక్యో నగరాన్నే తీసుకుందాం.

నెల రోజుల్లో జపనీస్ వచ్చేస్తుందా?

సూటిగా చెప్పాలంటే, రాదు. వేసవి కోర్సుల్లో ఎక్కువ భాగం జపనీస్ భాషా పాఠశాలలు నడిపేవే. షింజుకు, తకదానోబాబా ప్రాంతాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. చేరిన మొదటి రోజు చిన్న పరీక్ష పెట్టి, స్థాయిని బట్టి సెక్షన్ ఇస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పూటకు మూడు నాలుగు గంటల క్లాసు. మిగిలిన సగం రోజు విద్యార్థిదే.

జపనీస్‌లో హిరగానా, కతకానా అని రెండు లిపులున్నాయి. ఒక్కోదానిలో 46 మూలాక్షరాలు. వీటికి తోడు కంజీ అనే చైనా మూలపు అక్షరాలు. జపాన్ పిల్లలు ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లపాటు చదివి నేర్చుకునే కంజీలే 1,026. నిత్య వ్యవహారానికి అక్కడి ప్రభుత్వం గుర్తించినవి 2,136. నాలుగు వారాల్లో మన పిల్లలు నేర్చుకోగలిగేది పలకరింపులు, అంకెలు, దుకాణంలో మాటలు, సులువైన వాక్యాలు. జేఎల్‌పీటీ అనే భాషా పరీక్షలో అయిదు స్థాయిలుంటే, అన్నింటికన్నా కిందిదైన ఎన్5కి కూడా చాలామందికి కొన్ని నెలల చదువు కావాలి.

అయితే తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. జపనీస్ వాక్యం దాదాపు మన వాక్యంలాగే నడుస్తుంది. "వతాషి వ గోహాన్ ఓ తబెమాసు" అంటే "నేను అన్నం తింటాను". క్రియ చివరే వస్తుంది. "తోక్యో ని" అంటే "టోక్యోకి". మనం మాట చివర 'కి' చేర్చినట్టే వాళ్లు 'ని' చేరుస్తారు. మనం "పుస్తకమా?" అని చివర దీర్ఘం తీసి అడిగితే, వాళ్లు చివర 'కా' చేర్చి అడుగుతారు. మన 'గారు' లాగా పేరు తర్వాత 'సాన్' వస్తుంది. గోహాన్ అన్న మాటకు అన్నం అనీ, భోజనం అనీ రెండర్థాలూ ఉన్నాయి, అచ్చం మన 'అన్నం తిన్నావా' లాగా. ఇంగ్లిషులోంచి కాకుండా తెలుగులోంచి ఆలోచిస్తే జపనీస్ సులువవుతుందని మీ పిల్లలకు చెప్పండి.

అసలు పాఠం క్లాసు బయట

మరి లక్షలు పోసి కొనుక్కునేది ఏమిటి? మా ఉద్దేశంలో ఒక్కటే. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా తన రోజును తానే నడుపుకోవడం.

మన పిల్లల సంగతి ఒకసారి చూడండి. స్కూల్ బస్సు వీధి చివర ఎక్కించుకుని, మళ్లీ అక్కడే దించుతుంది. టిఫిన్ బాక్సు అమ్మ సర్దుతుంది. ప్రాజెక్టు ప్రింటవుట్లు నాన్న తెస్తారు. పదిహేనేళ్లు వచ్చినా ఒంటరిగా సిటీ బస్సెక్కని పిల్లలు మన క్లాసుల్లో చాలామందే ఉన్నారు. ఇందులో మీ తప్పు ఎంతో, మా తప్పూ అంతే. మార్కుల హడావుడిలో మనందరం కలిసి వాళ్ల పనులన్నీ మన చేతుల్లోకి తీసుకున్నాం.

టోక్యోలో ఏడెనిమిదేళ్ల పిల్లలు వీపున రందొసేరు అనే గట్టి బడిసంచి తగిలించుకుని తమంతట తామే నడిచి బడికి వెళ్తారు. కొందరు రైలెక్కి కూడా వెళ్తారు. బళ్లలో తరగతి గదులు ఊడ్చి తుడిచేది పిల్లలే. చాలా ప్రాథమిక బళ్లలో మధ్యాహ్న భోజనం వడ్డించేదీ వాళ్లే. ఆ నగరంలో మన పదహారేళ్ల అబ్బాయి "నాకు రాదు" అనడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు మంచిదే.

నగరమే ఒక పరీక్ష పెడుతుంది. యమనోతె లైను టోక్యో నడిబొడ్డు చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు మార్గం. దాని మీద 30 స్టేషన్లు. అందులో ఒకటైన షింజుకు ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషన్. బయటికి వెళ్లే దారులు రెండు వందలకు పైమాటే. తప్పు దారిలో బయటికొస్తే అరగంట నడక. రెండుసార్లు దారి తప్పాక మూడోసారి బోర్డు చదువుతారు. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపుగా కనిపించవు. తాగిన సీసాను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఇంట్లో మళ్లీ కాలే చెత్త, కాలని చెత్త, సీసాలు, డబ్బాలు వేరు చేసి, ఏ రోజుది ఆ రోజే బయట పెట్టాలి.

హోమ్‌స్టేలో ఉంటే ఇంకొన్ని పద్ధతులుంటాయి. గుమ్మంలో చెప్పులు విప్పడం మనకు అలవాటే. స్నానం మాత్రం కొత్త. ముందు బయట ఒళ్లు రుద్దుకుని కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. అందులోని నీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. రాత్రి ఆలస్యమైతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. భోజనానికి రానప్పుడూ అంతే.

సెలవులు కలవవు

చాలామంది ఇక్కడే పొరబడతారు. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. జపాన్ బళ్లలో కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేదే ఏప్రిల్‌లో. వాళ్ల వేసవి సెలవులు జూలై చివర్లో మొదలై ఆగస్టు చివరి వరకు సాగుతాయి. 'సమ్మర్ ప్రోగ్రామ్' పేరుతో వచ్చే కోర్సుల్లో ఎక్కువ భాగం జూలై, ఆగస్టు నెలల్లోనే జరుగుతాయి. అంటే మన దగ్గర సిలబస్ ఊపందుకుని, యూనిట్ టెస్టులు జరిగే సమయం.

కాబట్టి మధ్య తరగతుల పిల్లల్ని క్లాసులు మాన్పించి పంపమని మేం సలహా ఇవ్వం. పదో తరగతి పరీక్షలు రాసినవాళ్లకు, ఇంటర్ పూర్తయినవాళ్లకు మే నెలలో మొదలయ్యే స్వల్పకాలిక కోర్సు సరిపోతుంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు అక్కడ గోల్డెన్ వీక్ సెలవులు. బళ్లు మూసి ఉంటాయి, టిక్కెట్ల ధరలు పెరుగుతాయి. అది దాటాక వెళ్లడం మేలు. జూన్ రెండో వారం ప్రాంతంలో త్సుయు అనే వానాకాలం మొదలై దాదాపు జూలై మూడో వారం దాకా ఉంటుంది. ఆగస్టులో 35 డిగ్రీల ఎండతో పాటు విపరీతమైన ఉక్కపోత. వేసవి చివర్లో తుఫాన్లు వస్తే రైళ్లు ఆపేస్తారు.

వయసు, వీసా

భాషా పాఠశాలల్లో చాలావాటికి కనీస వయసు నిబంధన ఉంటుంది. కొన్నింటికి 16, కొన్నింటికి 18. పదో తరగతి పిల్లల విషయంలో ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. జపాన్‌లో 2022 ఏప్రిల్ నుంచి మేజారిటీ వయసు 18. అంతకన్నా చిన్నవాళ్లకు తల్లిదండ్రుల అంగీకార పత్రం దాదాపు ప్రతిచోటా అడుగుతారు. మద్యం, సిగరెట్లకు మాత్రం 20 ఏళ్లు నిండాల్సిందే.

90 రోజుల లోపు కోర్సుకు స్టూడెంట్ వీసా అక్కర్లేదు, స్వల్పకాలిక వీసా చాలు. అయితే ఆ వీసా మీద డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు. "పార్ట్‌టైమ్ చేసి కొంత ఖర్చు రాబట్టుకోవచ్చు" అని ఎవరైనా చెబితే, అక్కడితో ఆ మాటలు ఆపేయండి.

పచ్చళ్లు, మందులు

సూట్‌కేసు సర్దేటప్పుడు మన ప్రేమ కాస్త హద్దులో ఉండాలి. మాంసం పదార్థాలను జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, కీమా పొడి, ఏదైనా సరే. పట్టుబడితే జరిమానా, జైలుశిక్ష కూడా ఉండే నేరం అది. పచ్చి పండ్లు, కూరగాయలు, ఆకులకు మన ప్రభుత్వ తనిఖీ సర్టిఫికెట్ కావాలి. అంటే మే నెల కదా అని బంగినపల్లి పండ్లు, పచ్చి కరివేపాకు పెట్టి పంపకండి.

మందులు మరీ ముఖ్యం. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించితే అక్కడ నిషేధం. కొడీన్ ఉన్న దగ్గు మందులకూ కఠినమైన నియమాలున్నాయి. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులను చీటీ ఉన్నా అనుమతించరు. డాక్టరు రాసిచ్చిన మామూలు మందులైతే ఒక నెలకు సరిపడా తీసుకెళ్లొచ్చు. మందుల పేర్లున్న చీటీ వెంట ఉండాలి. అంతకు మించితే ముందే అనుమతి తీసుకోవాలి.

శాకాహారులకు ఇబ్బంది ఉంటుందని ఒప్పుకోవాలి. కూరగాయల సూపులా కనిపించే మిసో సూపులో, ఉడాన్ నూడుల్స్‌లో చేపతో కాచిన దాషి రసం ఉంటుంది. హోమ్‌స్టేకు దరఖాస్తు చేసేటప్పుడే "చేప రసం కూడా తినరు" అని స్పష్టంగా రాయించండి. నిషి కసాయ్ ప్రాంతంలో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. మన సరుకులు, హోటళ్లు అక్కడ దొరుకుతాయి. బెంగ పట్టిన ఆదివారం ఒక ప్లేటు ఇడ్లీ ఎంతో ధైర్యమిస్తుంది.

ఏజెంటును అడగాల్సినవి

కోర్సు ఫీజు ఎంత, మీ కమిషన్ ఎంత? పాఠశాల పేరు, వెబ్‌సైటు ఇస్తారా, మేమే నేరుగా రాసి కనుక్కోవచ్చా? నివాసం నుంచి బడికి రైల్లో ఎంతసేపు, నెల పాస్ ఎవరు కొంటారు? వీసా రాకపోతే ఎంత డబ్బు వెనక్కి వస్తుంది? ఆసుపత్రి ఖర్చుకు ఇన్సూరెన్స్ ఉందా? రాత్రి పన్నెండింటికి పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరు ఫోన్ ఎత్తుతారు?

"ప్యాకేజీలో జేఆర్ పాస్ కూడా ఉంది" అంటే మురిసిపోకండి. ఏడు రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 50,000 యెన్‌లకు పెరిగింది. ఒకే నగరంలో ఉండి చదువుకునే విద్యార్థికి దాని అవసరం లేదు.

ఇంకొక మాట. నెల రోజుల కోర్సు సర్టిఫికెట్‌తో ఏ యూనివర్సిటీలోనూ సీటు రాదు. జపాన్‌లో డిగ్రీ చేయాలన్న ఆలోచన నిజంగా ఉంటే, ఇంటర్ తర్వాత ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ గురించి చదవండి. జపాన్ సహకారంతో కట్టిన ఐఐటీ క్యాంపస్ మన సంగారెడ్డి దగ్గర కందిలోనే ఉందని కూడా పిల్లలకు చెప్పండి.

ముందు ఇక్కడ నాలుగు వారాలు

పంపాలని నిర్ణయించుకుంటే, టిక్కెట్టు కొనేముందు ఇంట్లోనే నాలుగు వారాల సాధన పెట్టండి. మొదటి వారం తన బట్టలు తానే ఉతుక్కోవాలి, తన కంచం తానే కడుక్కోవాలి. రెండో వారం బస్సులోనో మెట్రోలోనో ఒంటరిగా వెళ్లి ఒక పని చేసుకురావాలి. మూడో వారం చేతికి కొంత డబ్బిచ్చి, వారం చివర లెక్క అడగండి. నాలుగో వారానికి హిరగానా 46 అక్షరాలు చూడకుండా రాయాలి. ఇవి చేయనని మొరాయిస్తే, ఈ ఏడాదికి ప్రయాణం వాయిదా వేయండి. సంతోషంగా చేస్తే, సగం లాభం టోక్యో చేరకముందే వచ్చేసినట్టు. ఒకవేళ డబ్బు సమకూరక పంపలేకపోయినా, ఆ సగం మీ పిల్లలకు దక్కినట్టే.

భూకంపం మాటా ముందే చెప్పండి. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగితే బల్ల కింద దూరాలి, బయటికి పరుగెత్తకూడదు. పోలీసులకు 110, అంబులెన్సుకు 119.

ఆఖరుగా మీకూ ఒక సాధన. టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మనం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే అక్కడ ఒంటిగంట. రోజుకు ఒక్కసారి, ఇద్దరికీ కుదిరిన వేళ మాట్లాడండి. దారి తప్పాను అని చెబితే ఇక్కడి నుంచి మ్యాప్ తెరవకండి. "ఎవరినైనా అడుగు నాన్నా" అనండి.

జపాన్‌లో ఇంట్లోంచి బయటికి వెళ్లేవాళ్లు "ఇత్తె కిమాసు" అంటారు. మాటకు మాట అర్థం చెబితే "వెళ్లి వస్తాను". ఇంట్లో ఉన్నవాళ్లు "ఇత్తెరాషై" అంటారు, "వెళ్లి రా" అని. మన ఇళ్లలోనూ 'వెళ్తాను' అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, వెళ్లొస్తానని అనమంటారు. మీ అమ్మాయో అబ్బాయో ఎయిర్‌పోర్టులో ఆ మాట అన్నప్పుడు, వెళ్లి రమ్మని నిశ్చింతగా చెప్పగలిగేలా ఇద్దరూ సిద్ధపడండి.