ఉప్పే ప్రాణమైన సరస్సు: లోణార్ చుట్టూ ఒక చలికాలపు నడక

నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతాల నుండి వచ్చి ముంబయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దేవగిరి ఎక్స్‌ప్రెస్ సొంత ఊరి బండి వంటిది. పండుగకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ప్రయాణం ఎక్కువగా దానిలోనే. ఆ బండి జాల్నా స్టేషనులో ఆగే వేళకు ప్రయాణికులలో అధికభాగం నిద్రలో ఉంటారు. ఆ జాల్నా నుండి రోడ్డు మార్గాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, బుల్ఢాణా జిల్లాలోని లోణార్ అనే చిన్న పట్టణం పక్కన, ప్రపంచ భూశాస్త్రజ్ఞులు తరచుగా ప్రస్తావించే సరస్సు ఒకటి ఉన్నది. ఏళ్ళ తరబడి ఆ దారిన తిరుగుతూ కూడా దానిని చూడనివారు మన వారిలో చాలామంది.

దూరం నుండి చూసినవారికి అక్కడ ఏమీ కనిపించదు. పత్తి, కంది, జొన్న చేల నడుమ నేల కొంచెం పైకి లేచినట్లుంటుంది, అంతే. ఆ గట్టు ఎక్కిన తరువాత మాత్రం ఎదుట భూమి ఒక్కసారిగా లోపలికి కుంగి, గుండ్రని గిన్నెవలె కనిపిస్తుంది. బిలం వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు. లోతు, అంచు నుండి సరస్సు మట్టానికి, 130 మీటర్లకు పైమాటే. అడుగున సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం గల ఆకుపచ్చని నీరు. దిగి, నీటి చుట్టూ తిరిగి, మరల పైకి చేరడానికి తీరికగా నడిచేవారికి ఒక పగలు సరిపోతుంది.

ఈ ప్రాంతమంతా అగ్నిశిల. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం నేల పగుళ్ళ నుండి పొంగిన లావా పొరలు పొరలుగా పరచుకొని నేటి దక్కను పీఠభూమిలో పెద్దభాగాన్ని కప్పింది. జహీరాబాదు, వికారాబాదు వైపు కనిపించే నల్లరాయి దాని కొనభాగమే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు క్వారీలలో బయటపడిన బసాల్టు కూడా ఆ ప్రవాహాల శకలమేనని భూశాస్త్రజ్ఞులు భావిస్తారు. ఈ రాయి అరిగి, నలిగి ఏర్పడినదే నల్లరేగడి నేల. ఆ మట్టికి శాస్త్రగ్రంథాలలో స్థిరపడిన 'రేగర్' అనే పేరు తెలుగు 'రేగడ' నుండి వెళ్ళినదే.

అగ్నిశిలల దేశంలో గుండ్రని గుంట ఉంటే అది అగ్నిపర్వత ముఖమని అనుకోవడం సహజం. 1823లో సి. జె. ఇ. అలెగ్జాండర్ అనే ఆంగ్లేయ అధికారి ఈ సరస్సును పాశ్చాత్య లోకానికి తెలియజేసిన తరువాత నూరేళ్ళకు పైగా ఎక్కువమంది అలాగే అనుకున్నారు. 1896లో అమెరికా భూశాస్త్రజ్ఞుడు గిల్బర్ట్, అరిజోనా రాష్ట్రంలోని ప్రసిద్ధ బిలాన్ని వివరిస్తూ లోణార్‌ను దానితో పోల్చాడు. చిత్రమేమంటే, ఆ అరిజోనా బిలాన్ని ఉల్కాపాతపు గుర్తుగా కాక భూగర్భంలోని ఆవిరి పేలుడు ఫలితంగా ఆయన భావించాడు. పోలిక సరియైనదే గాని కారణం సరియైనది కాదు. సరస్సు అడుగున బోరులు వేసి, సుమారు నూరు మీటర్ల బురద కింద నలిగిన రాతిని పైకి తీసి పరీక్షించిన తరువాతనే నిజం తేలింది. ఆ రాతిలోని ఖనిజ స్ఫటికాలు కొన్ని కరగకుండానే గాజుగా మారి ఉన్నాయి. అగ్నిపర్వతానికి అంతటి ఒత్తిడి పుట్టించే శక్తి లేదు. ఆకాశం నుండి మహావేగంతో వచ్చి పడిన పిండానికే అది సాధ్యం. 1973లో 'సైన్స్' పత్రికలో ఈ ఫలితాలు వెలువడినప్పటి నుండి లోణార్ ఉల్కాబిలంగా స్థిరపడింది. చంద్రుని మీద, అంగారకుని మీద ఇటువంటి బసాల్టులో బిలాలు ఎన్నో ఉన్నాయి. భూమి మీద అటువంటి రాతిలో ఇంత చెక్కుచెదరకుండా మిగిలిన బిలం మరొకటి లేదు కనుకనే దీనికింత విలువ.

వయస్సు విషయంలో మాత్రం లెక్కలు కలియలేదు. మొదట సుమారు 52,000 సంవత్సరాలని లెక్కవేశారు. 2011లో వెలువడిన ఆర్గాన్ వాయువు ఆధారమైన పరీక్ష 5,70,000 సంవత్సరాలని చెప్పింది. ఏ లెక్క ప్రకారమైనా, లావా ప్రవాహాల ఈడుతో పోలిస్తే ఇది నిన్న మొన్నటి సంఘటన.

ఈ నడకకు తగిన కాలం నవంబరు చివరి నుండి ఫిబ్రవరి నడుమ. విదర్భ ఎండలలో ఆ గిన్నె అడుగుభాగం పొయ్యి మీద పెట్టిన పెనం వంటిది. వానలలో దారి జారుతుంది. చలికాలపు ఉదయం దిగేవారికి తూర్పు అంచు నీడ కొంతసేపు నీటి మీదనే కనిపిస్తుంది. అంచు దగ్గర రాతిని కొంచెం ఆగి చూడవలసి ఉంటుంది. కొన్నిచోట్ల పొరలు తలకిందులై, కింద ఉండవలసిన రాయి పైకి వచ్చి ఉన్నది. పిండం తాకిన క్షణంలో నేల అంచు చాప మడిచినట్లు వెనుకకు మడతపడిన గుర్తు అది.

దిగుతున్నకొద్దీ చెట్లు మారుతాయి. పైన టేకు, వేప. ఆ కింద చింత, సీతాఫలం. మరింత కిందికి నల్లతుమ్మ. నీటి దగ్గరికి వచ్చేసరికి చెట్టన్నది లేక తెల్లని పొర కట్టిన బురద. గిన్నె లోపల వలయాలు గీసినట్లుండే ఈ అమరికకు కారణం నేలలోని ఉప్పు. కొండముచ్చులు, నెమళ్ళు దారి పొడుగునా ఎదురవుతాయి.

తీరాన కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. నీటిని తాకితే వేళ్ళ నడుమ సబ్బులా జారుతుంది. క్షారగుణాన్ని కొలిచే పీహెచ్ మానంపై ఈ నీరు పదికి చేరువలో ఉంటుంది. మంచినీరు ఏడు దగ్గర ఉంటుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వచ్చినట్లే, ఈ నీరు కలిపినా పసుపు ఎర్రబడుతుంది. పల్లెలలో చాకలివారు బట్టలకు వాడిన చౌడు మట్టిని ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. బసాల్టు రాతి మీదుగా వచ్చే నీరు సోడియం వంటి లవణాలను కరిగించి లోపలికి తెస్తుంది. ఈ గిన్నె నుండి బయటికి పారే వాగు లేదు. నీరు ఎండకు ఆవిరైపోతుంది, తెచ్చిన ఉప్పు మిగిలిపోతుంది. వేల సంవత్సరాలుగా జరుగుతున్నది ఇదే.

ఆ ఉప్పు ఒకప్పుడు వ్యాపారం. గాజుకు, సబ్బుకు కావలసిన పదార్థాలు ఈ ప్రాంతంలో లభిస్తాయని అక్బరు కాలపు 'ఆయినే అక్బరీ' పేర్కొన్నది. 1853లో బ్రిటిషువారి పాలనకు అప్పగించే వరకు ఈ బేరారు సీమ హైదరాబాదు నిజాము ఏలుబడిలో ఉండేది. నేడు తవ్వకం లేదు.

ఇటువంటి నీటిలో ఏమీ బ్రతకదని తోచడం సహజం గాని, నీటి ఆకుపచ్చదనమంతా ప్రాణమే. క్షారాన్ని కోరుకునే స్పైరులినా వంటి సూక్ష్మజీవులు ఇందులో దట్టంగా పెరుగుతాయి. 2020 జూన్‌లో నీరు ఉన్నట్లుండి గులాబీ రంగుకు మారినప్పుడు పత్రికలు వింతగా వ్రాశాయి. నీరు బాగా తగ్గి ఉప్పు చిక్కబడినప్పుడు, ఉప్పును ప్రేమించే మరొక జాతి సూక్ష్మజీవులు విజృంభించి తమ రంగును చిమ్మాయని పుణేలోని ఆఘార్కర్ పరిశోధన సంస్థ పరీక్షలలో తేలింది. వానలు పడి నీరు పలచబడగానే ఆ రంగు తగ్గింది. అదే సంవత్సరం ఈ సరస్సు 427 హెక్టార్ల మేర రాంసార్ చిత్తడినేలల జాబితాలో చేరింది.

చలికాలంలో హిమాలయాలకు అవతలి నుండి జక్కవలు వస్తాయి. ప్రబంధ కవులు విరహానికి ఉపమానంగా వాడి వాడి అలసిన చక్రవాకాలు ఇవే. తెలుగు పాఠకులకు పుస్తకాలలోనే పరిచయమైన ఈ నారింజ వన్నె పక్షుల జంటలు ఇక్కడ కంటి ఎదుట నీటి అంచున మేస్తూ ఉంటాయి.

తీరం చుట్టూ పదికి పైగా పాతగుళ్ళు ఉన్నాయి. చాలావరకు పొదలలో మునిగినవే. కమళజా దేవి ఆలయంలో మాత్రం నేటికీ పూజలు జరుగుతాయి, నవరాత్రులలో జాతర సాగుతుంది. ఆలయం ముందరి బావిని స్థానికులు 'అత్తాకోడళ్ళ బావి' అంటారు. ఒకవైపు నీరు తీపి, మరొకవైపు ఉప్పు అని చెబుతారు. ఎవరు తీపో, ఎవరు ఉప్పో మాత్రం చెప్పరు. సరస్సు నీరు తగ్గిన సంవత్సరాలలోనే అది బయటపడుతుంది. లోణార్ అనే పేరు లవణాసురుని నుండి వచ్చిందని స్థలపురాణం. భూమిలో దాగిన ఆ రాక్షసుని విష్ణువు వధించాడని, ఆ గుహయే ఈ సరస్సని కథ. ఊరిలోని దైత్యసూదన ఆలయం ఆ విష్ణువుదే. చాళుక్యుల కాలపు శిల్పం చూడదలచినవారు తిరుగు దారిలో ఒక గంట దానికి కేటాయించడం మంచిది.

ఊరివైపు అంచున గోముఖం నుండి ఏడాది పొడుగునా పడే మంచినీటి ధార ఉన్నది. భక్తులు అక్కడ స్నానం చేస్తారు. ఈ సరస్సు కష్టం అక్కడి నుండే మొదలవుతుంది. నీటివనరు అనగానే మంచినీరు ఎంత చేరితే అంత మేలని అందరూ తలుస్తారు. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. స్నానాల సబ్బునీరు, ఊరి మురుగు, చేల నుండి ఎరువులు, పురుగుమందులతో కలిసి దిగే నీరు ఇవన్నీ సరస్సులోని ఉప్పును పలచబరుస్తాయి. ఉప్పు పలచబడితే దానికి అలవాటుపడిన జీవులకు చోటు తగ్గి, సాధారణపు చెరువులలో బ్రతికే జీవులు లోపలికి వస్తాయి. చూపరులకు సరస్సు నిండుగా, అందంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం అది మరొక చెరువుగా మారిపోతూ ఉంటుంది. నిండుగా ఉన్నదాని నాశనం ఎండిపోయినదాని నాశనం వలె కంటికి కనపడదు. అందుకే దీనిపై ఆందోళన ఆలస్యంగా మొదలైంది. దీని సంరక్షణ వ్యవహారాన్ని బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనం విచారిస్తూ వస్తున్నది. తీరాన దట్టంగా అల్లుకున్న సర్కారు తుమ్మ మరొక బెడద. పరాయి దేశం నుండి వచ్చిన ఈ ముళ్ళచెట్టు స్థానిక వృక్షాలను అణచివేస్తుంది. అటవీశాఖ దానిని కొన్నిచోట్ల తొలగించే పని చేపట్టింది.

ఇది వన్యప్రాణి అభయారణ్యం. అటవీశాఖ అనుమతి తీసుకొని, దారి తెలిసిన స్థానికుని వెంట దిగడం మంచిది. వానలు బాగా కురిసిన సంవత్సరాలలో తీరపు దారి కొన్నిచోట్ల నీట మునుగుతుంది. అప్పుడు చుట్టు పూర్తి చేయాలనే పట్టుదల వద్దు, అంచు మీది నుండి నడిచినా బిలం ఆకారం చక్కగా కనిపిస్తుంది. మనిషికి రెండు లీటర్ల తాగునీరు, జారని బూట్లు అవసరం. తెల్లగా గట్టిగా కనిపించే బురదలో కాలు మోకాలి వరకు దిగబడగలదు. ఆకాశం నుండి పడిన రాయని జ్ఞాపికగా నల్లరాళ్ళు జేబులో వేసుకొనే అలవాటు సందర్శకులలో ఉన్నది. ఆ రాళ్ళు తీసుకుపోవడం నిషిద్ధం; పైగా అవి దాదాపు అన్నీ ఇక్కడి బసాల్టే, పడిన పిండం తాకిడికి ఆవిరైపోయింది. సబ్బుతో గోముఖంలో స్నానం చేయకుండా ఉండటం, తెచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి పట్టుకుపోవడం కొత్తగా చెప్పవలసినవి కావు గాని, అంచున పడేసినది ఏదైనా చివరికి చేరేది ఆ నీటికే.

పైకి ఎక్కేవేళకు మధ్యాహ్నం దాటుతుంది. డిసెంబరు, జనవరి నెలలలో ఆ పరిసరపు చేలలో లేత జొన్నకంకులు కాల్చి రాలుస్తారు. మరాఠీవారు హుర్డా అనే ఆ పదార్థం తెలంగాణ పల్లెల ఊచబియ్యమే. బెల్లంతో, వెల్లుల్లి కారంతో వేడిగా పెడతారు.