వెబ్‌సైటు పెడితే చాలదు, వెతికితే దొరకాలి



ఏటా వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మా పాత బ్యాచ్‌ల వాళ్ళం భోజనాల దగ్గర కష్టసుఖాలు చెప్పుకుంటాం. ఈమధ్య ఆ మాటల్లో కొత్త కష్టం ఒకటి చేరింది. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే మిత్రుడు, ఎర్రగొండపాలెంలో నెట్ సెంటర్ నడిపే మిత్రుడు, గిద్దలూరులో కోచింగ్ సెంటర్ పెట్టిన మిత్రుడు, ముగ్గురిదీ ఒకటే మాట: "డబ్బు పెట్టి వెబ్‌సైటు చేయించాం. గూగుల్లో వెతికితే మాత్రం కనపడదు." వెతికేవారికి మన పేజీ దొరికేలా చేసే పనినే సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్.ఈ.ఓ. అంటారు. మాకు తెలిసినంతలో దాని గురించి నాలుగు మాటలు చెబుతాం.

సెర్చ్ ఇంజన్ ఎలా పనిచేస్తుంది?

మనం గూగుల్లో ఒక మాట కొట్టగానే అది అప్పటికప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ తిరగదు. దాని ప్రోగ్రాములు ముందే ఒక లింకు నుంచి మరో లింకుకు పోతూ పేజీలు చదివి పెట్టుకుంటాయి. లావుపాటి పుస్తకం చివర "ఫలానా మాట ఫలానా పేజీలో" అని పట్టిక ఉంటుంది కదా, అలాంటి పెద్ద పట్టిక తయారు చేసుకుంటాయి. మనం అడిగినప్పుడు ఆ పట్టికలోంచి తీసి, ఏది ముందు, ఏది వెనుక అన్నది నిర్ణయించి చూపిస్తాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్ కంపెనీ పెట్టారు. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారో చూసి దాని విలువ కట్టడం వారి పద్ధతి. ఊళ్ళో నలుగురు మంచివాళ్ళు ఒకరి పేరు చెబితే నమ్మకం కలుగుతుందే, అలాంటిదన్నమాట. తర్వాత ఇంకా ఎన్నో కొలతలు చేరాయి గానీ మూలం అదే.

తెలుగువాళ్ళకు అసలు చిక్కు

పట్టికలో ఎక్కాలంటే ముందు అక్షరం యంత్రానికి అర్థం కావాలి. మన డీటీపీ సెంటర్లలో ఎన్నో ఏళ్ళుగా అను వంటి ఫాంట్లలో తెలుగు కొడుతున్నారు. కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది. కానీ ఆ పాత పద్ధతిలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, పైన తెలుగు బొమ్మ తొడుగుతారు. మేము పాత సంచిక పీడీఎఫ్ ఒకటి తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాం. తెలుగు అక్షరం ఒక్కటీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. సెర్చ్ ఇంజన్‌కు కూడా అది అలాగే కనపడుతుంది.

దీనికి మందు యూనికోడ్. ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య ఇచ్చే పద్ధతి ఇది. 1991లో వచ్చిన మొదటి సంచికలోనే తెలుగుకు చోటు ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే ఉంది. అందులో మన త్రిపురాంతకం మీద కూడా వ్యాసం ఉంది. ఊరి పేరు తెలుగులో వెతికినవారికి అది దొరకడానికి కారణం యంత్రం చదవగలిగే అక్షరాలు, చుట్టూ లింకులు. అక్కడ మంత్రం ఏమీ లేదు.

వెబ్‌సైటు ఉన్నవారు చేయవలసినవి

జనం వాడే మాటలే రాయండి. ఒకరు "మార్కాపురం పలకలు" అని వెతుకుతారు, మరొకరు "మార్కాపూర్ స్లేట్" అని ఇంగ్లీషులో కొడతారు. మన ఊరి పేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇవన్నీ పేజీలో సహజంగా వచ్చేలా చూసుకోవాలి. అలాగని ఒకే మాటను వందసార్లు రాస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

షాపు పేరు, చిరునామా, ధరలు ఫోటోలో చెక్కకండి. అక్షరాల్లో రాయండి. బొమ్మల్లోని రాతను గుర్తుపట్టే పద్ధతులు వచ్చాయి గానీ వాటినే నమ్ముకోలేం. ప్రతి పేజీకీ దాని విషయం తెలిపే శీర్షిక ఉండాలి.

పేజీ ఫోనులో త్వరగా తెరుచుకోవాలి. మన నల్లమల అంచు ఊళ్ళలో సిగ్నల్ సంగతి అందరికీ తెలుసు. కెమెరాలో తీసిన పెద్ద ఫోటోను అలాగే పెడితే అది వచ్చేలోపు చూసేవాడు వెళ్ళిపోతాడు. ఫోనులో కనిపించే పేజీనే ముందుగా లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ 2016లో ప్రకటించి, 2023 నాటికి ఆ మార్పు పూర్తి చేసింది. భద్రత కోసం వాడే హెచ్‌టీటీపీఎస్‌ను 2014 నుంచి లెక్కలోకి తీసుకుంటోంది.

దొంగదారులు వద్దు. ఇతరుల రాతలు కాపీ కొట్టే సైట్లను 2011లో పాండా, లింకులు కొనుక్కునే సైట్లను 2012లో పెంగ్విన్ అనే మార్పులతో గూగుల్ కిందికి నెట్టింది.

మోసపోకండి

మాలో ఒకరికి "గూగుల్లో మొదటి స్థానం గ్యారంటీ" అని ఫోను వచ్చింది. డబ్బు కట్టాడు. నెల తర్వాత నిజంగానే మొదటి స్థానం చూపించారు. దేనికి? తన షాపు పూర్తి పేరు కొడితే! ఆ పేరు ప్రపంచంలో ఇంకెవరికీ లేదు. పోటీ లేని పరుగు పందెంలో ఫస్టు వచ్చినట్టు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే చెబుతోంది.

తమ్ముళ్ళకు ఒక మాట. పైన కనపడిందల్లా మంచిదని అనుకోవద్దు. "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన. స్కాలర్‌షిప్పు, హాల్ టికెట్టు వంటి ప్రభుత్వ పనులకు వెళ్ళినప్పుడు సైటు పేరు చివర "జీఓవీ డాట్ ఇన్" ఉందో లేదో చూసుకున్నాకే ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వండి. ఆ చిరునామాలు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

మన సంచిక సంగతి

2024 నుంచి మన దేశంలో గూగుల్ కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో జవాబు తయారుచేసి పైనే చూపిస్తోంది. అందరూ రాసిందే మళ్ళీ రాస్తే ఇక మన పేజీ దాకా వచ్చేవారు తక్కువ. మనకు మాత్రమే తెలిసిన సంగతికే విలువ. త్రిపురాంతకం కొండ మీద కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. రాళ్ళ మీద ఉన్న ఆ మాటలు పండితులు నకలు తీసి అచ్చువేశాకే దూరాన ఉన్నవారికి అందాయి. మరి ఈ హాస్టల్ పిల్లలు ఇన్నేళ్ళుగా రాసిన కథలు, కవితలు, అమ్మానాన్నల వలస బతుకుల వ్యాసాలు ఎక్కడున్నాయి? ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, లేదా యంత్రం చదవలేని పీడీఎఫ్‌లలో ఉన్నాయి.

అందుకే మా మనవి. ఈ ఏడు నుంచి సంచికను యూనికోడ్‌లో కొట్టిద్దాం. రాసినవారి అనుమతి తీసుకుని, పిల్లల ఫోను నంబర్లు, ఇంటి చిరునామాలు లేకుండా, ఒక్కో రచనను ఒక్కో పేజీగా శీర్షికతో, సంవత్సరంతో పెడదాం. టైపు చేసే పని మా పాత విద్యార్థులం పంచుకుంటాం. పాత సంచికలు ఎవరి దగ్గర ఉన్నా వార్డెన్ గారికి అందజేయండి.

రేపు ఎవరైనా మన ఊరి పేరు కొట్టి వెతికితే, ఇక్కడి పిల్లవాడు రాసిన మాట కూడా దొరకాలని కోరుకుంటూ సెలవు.