నెస్ సరస్సు: పేర్లు, చరిత్ర, గాథలు

స్కాట్లండు దేశమున సరస్సును 'లోఖ్' అందురు. చివరి ఖకారమును ఉర్దూ మాటలలో వలె గొంతునుండి పలుకవలెను. సముద్రము భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన పాయకును అదే పేరు. ఆ దేశమున చిన్నవియు పెద్దవియు కలిసి లోఖులు వేలకొలదిగా నున్నవి. వైశాల్యమున లోఖ్ లోమండ్ మొదటిది. లోతున లోఖ్ మోరార్ మొదటిది. కాని లోకమున ఎక్కువమంది ఎరిగిన పేరు ఈ రెండింటిలో దేనిదియు కాదు. అది లోఖ్ నెస్. ఆ నీటిలో పొడుగాటి మెడగల వింతజంతువొకటి నివసించుచున్నదను వార్తయే ఆ ప్రసిద్ధికి కారణము. ఆ వార్త పుట్టి ఇంకను నూరేండ్లు నిండలేదు. సరస్సు పేరునకు, దాని తీరమున బ్రతికిన జనుల కథలకు వయస్సు అంతకంటె ఎంతో హెచ్చు. క్రొత్త కథ యొకటి పాత కథలను ఏ విధముగా కప్పివేసినదో చూతము.

స్కాట్లండు పటమును చూచినచో దాని ఉత్తరభాగమును ఈశాన్యమునుండి నైరృతికి కత్తితో కోసినట్లు ఒక గీత కనబడును. దానిని మహాలోయ అందురు. సుమారు 40 కోట్ల సంవత్సరముల క్రిందట భూమి పొర అచ్చట పగిలి, ఇరుప్రక్కల శిలలు ఒకదానినొకటి రాచుకొనుచు జరిగినవి. పగులు వెంట రాయి నలిగి బలహీనపడెను. హిమయుగములలో మంచునదులు ఆ నలిగిన రాతిని దొలిచి లోయను లోతు చేసినవి. సుమారు 10,000 సంవత్సరముల క్రిందట మంచు తొలగిపోగా ఆ గోతిలో నీరు నిలిచెను.

సరస్సు పొడవు సుమారు 36 కిలోమీటర్లు. వెడల్పు ఎచ్చటను 3 కిలోమీటర్లకు మించదు. లోతు మాత్రము సుమారు 230 మీటర్లు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలోని మంచినీటి సరస్సులన్నియు కలిపినను ఈ ఒక్క సరస్సునందున్నంత నీరు లేదు. అడుగునీరు సంవత్సరమంతయు అయిదారు డిగ్రీల చల్లదనముననే యుండును. ఎంతటి చలికాలమునను సరస్సు గడ్డకట్టదు. చుట్టునున్న కొండలమీద నాచు, గడ్డి, మొక్కలు తరతరములుగా మురిగి నల్లని మట్టియై యున్నవి. వానలకు ఆ మట్టి కొట్టుకొనివచ్చి నీటిలో కలియును. అందుచేత నీరు చిక్కని తేనీటి రంగున నుండి, కొద్ది మీటర్ల లోతుననే చూపు ఆగిపోవును. కంటికి అందని చోట మనస్సు ఊరకుండదు గదా!

ఇక పేరు సంగతి. సరస్సునుండి వెడలి సముద్రమును చేరు నదికి నెస్ అని పేరు. ఆ నది సముద్రమున కలియు చోట వెలసిన పట్టణము ఇన్వర్నెస్. గేలిక్ భాషలో 'ఇన్వర్' అనగా ఏటిమొగ. గేలిక్ అచ్చటి కొండసీమవారి పాత భాష. సామాన్యముగా ఏ దేశముననైనను మిక్కిలి పాత పేర్లు నదులవే. రాజ్యములు మారినను, జనుల భాష మారినను, నది పేరు నిలుచును. నెస్ అను మాట గేలిక్ భాష ఆ ప్రాంతమునకు రాకపూర్వమే యున్నదని పలువురు పండితుల అభిప్రాయము.

జనులకు పండితుల అభిప్రాయముతో తృప్తి కలుగదు. వారు చెప్పుకొను కథ వేరు. పూర్వము ఇచ్చట సరస్సు లేదట; పచ్చని లోయ యుండెడిదట. లోయ నడుమ మహిమగల ఊటబావి యొకటి. నీరు తోడుకొనిన వెంటనే దానిపై మూత పెట్టవలెనని కట్టడి. ఒకనాడు ఒక ఇల్లాలు నీరు తోడుచుండగా ఇంటిలో పసిబిడ్డ కెవ్వుమని ఏడ్చెను. ఆమె మూత మాట మరచి పరుగెత్తెను. బావి పొంగి పొరలి లోయనంతయు ముంచెను. కొండలెక్కి ప్రాణములు దక్కించుకొనిన జనులు క్రిందికి చూచి, ఇప్పుడచ్చట సరస్సున్నదే యని కేకలు వేసిరి. గేలిక్‌లో 'నిష్' అనగా ఇప్పుడు. ఆ కేకలోని 'లోఖ్ నిష్' అను రెండు మాటలే పేరైనవని కథ. నేటికిని గేలిక్‌లో ఆ సరస్సు పేరు లోఖ్ నిష్ అనియే పలుకుదురు. భాషాశాస్త్రము ముందు ఈ వ్యుత్పత్తి నిలువదు. కాని బిడ్డ ఏడ్చినప్పుడు మూత జ్ఞాపకముండు తల్లి ఎచ్చట నున్నది? ఆ ఇల్లాలిని తప్పుపట్టుటకు మనకు నోరు రాదు. కథ నిలిచినది అందువలననే కావచ్చును.

తీరమునందలి పేర్లలో రాజకీయ చరిత్రయు ఇమిడియున్నది. సరస్సు దక్షిణపు కొనయందలి గ్రామమునకు గేలిక్ పేరు కిల్లె ఖుమిన్. కుమిన్ అను క్రైస్తవ సన్న్యాసి పేర వెలసిన దేవాలయము అని దాని యర్థము. 18వ శతాబ్దమున తిరుగుబాటుదారులగు కొండజాతులను అదుపులో నుంచుటకై ప్రభుత్వము అచ్చట కోట కట్టించి, రెండవ జార్జి రాజు కుమారుడు విలియం ఆగస్టస్ పేర ఫోర్ట్ ఆగస్టస్ అని నామకరణము చేసెను. 1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ సమీపమున కల్లోడెన్ మైదానమున కొండసీమ సైన్యమును చిత్తుగా ఓడించిన సేనాపతి ఈ ఆగస్టసే. ఆ యుద్ధము పిమ్మట అతని సైనికులు ఆ కోటయే కేంద్రముగా చుట్టుప్రక్కల ఇండ్లు తగులబెట్టి, పశువులను తోలుకొనిపోయిరి. అదే సంవత్సరము చేసిన చట్టమొకటి కొండసీమ పురుషులకు వారి సంప్రదాయవస్త్రములను నిషేధించెను. అది 1782లో గాని రద్దు కాలేదు. ఇట్లు ఒకే యూరికి రెండు పేర్లు: ఒకటి సన్న్యాసిది, మరియొకటి సేనాపతిది.

పడమటి గట్టున అర్కర్ట్ కోట శిథిలములున్నవి. ఆ కోటకై ఇంగ్లీషువారు, స్కాట్లండు వారు, దీవుల ప్రభువులు పలుమార్లు పోరాడిరి. 1692లో ప్రభుత్వ సైనికులు కోటను విడిచిపోవుచు, అది శత్రువుల చేతికి చిక్కకుండుటకై తుపాకిమందుతో దానిని పేల్చివేసిరి. 1803లో థామస్ టెల్‌ఫర్డ్ అను ఇంజనీరు మహాలోయలోని సరస్సులను కలుపుచు కాలువ త్రవ్వించుటకు పూనుకొనెను. భూములు పోగొట్టుకొని విదేశములకు వలసపోవుచున్న కొండసీమవారికి పని చూపుటయు ఆ నిర్మాణోద్దేశములలో నొకటి. 1822లో కాలువ తెరువబడి, ఓడలు ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు లోఖ్ నెస్ మీదుగా పోజొచ్చినవి.

వింతజంతువు మాటకు వత్తము. 563లో ఐర్లండునుండి వచ్చి అయోనా ద్వీపమున మఠము స్థాపించిన కొలంబా అను మహనీయుని చరిత్రను ఆడమ్నాన్ అను మఠాధిపతి సుమారు నూరేండ్ల పిమ్మట లాటిన్ భాషలో రచించెను. అందొక ఘట్టమున్నది. కొలంబా నెస్ నది దాటవలసివచ్చెను. నీటిమృగము కరచి చంపిన యొకనిని జనులు పాతిపెట్టుచుండిరి. అయినను ఆయన ఆవలి గట్టుననున్న పడవను తెమ్మని శిష్యునొకని పంపెను. మృగము పైకి లేచి శిష్యునిపైకి రాగా, కొలంబా సిలువ గుర్తు చూపి దానిని వెనుకకు మరల్చెను. ఇది సరస్సున జరిగినట్లు చెప్పబడలేదు, నదిలో జరిగినట్లున్నది. మృగము రూపమెట్టిదో ఆడమ్నాన్ వర్ణింపలేదు. ఆ ఘట్టమునకు ఉద్దేశము మహనీయుని మహిమను చాటుట, జంతుశాస్త్రము కాదు.

జనుల కథలలోని ప్రాణి మరియొకటి: నీటిగుఱ్ఱము. అది ఒక్క లోఖ్ నెస్‌కు చెందినది కాదు. కొండసీమ సరస్సులలో అనేకములకు అట్టి కథ కలదు. అందమైన గుఱ్ఱము గట్టున మేయుచుండును. పిల్లలు ఆశపడి ఎక్కుదురు. ఎక్కినవారి చేతులు దాని చర్మమునకు అంటుకొనిపోవును. అంతట అది సరస్సులోనికి దుమికి వారిని మింగివేయును. గట్టు దిగిన రెండడుగులకే నిలువులోతు, ఒడలు కొయ్యబార్చు చల్లదనము గల నీటిప్రక్కన పిల్లలను పెంచు తల్లులకు ఈ కథ ఎంత అక్కరకు వచ్చియుండునో ఊహింపవచ్చును.

ఇప్పటి కథ 1933లో పుట్టినది. ఉత్తరపు గట్టున రోడ్డు క్రొత్తగా బాగుపడి, మోటారులలో పోవువారికి సరస్సు చక్కగా కనబడసాగెను. ఆ సంవత్సరము మే 2న ఇన్వర్నెస్ పత్రికయొకటి, నీటిలో పెద్దజంతువును చూచితిమని దంపతులు చెప్పిన మాటను ప్రచురించెను. లండను పత్రికలు అందుకొనినవి. ఒక పత్రిక పంపిన వేటగాడు గట్టున అడుగుజాడలు కనుగొంటినని ప్రకటించెను. పరీక్షింపగా అవి ఎండబెట్టిన నీటియేనుగు పాదముతో వేసిన ముద్రలని తేలెను. 1934 ఏప్రిలున పొడుగాటి మెడతో కూడిన ఫొటోగ్రాఫు వెలువడి జగత్ప్రసిద్ధమయ్యెను. అది ఆటబొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసినదని 1994లో బయటపడెను.

వేడుకగా మొదలైన కథ దుఃఖమును సైతము తనలో కలుపుకొనెను. 1952 సెప్టెంబరు 29న జాన్ కాబ్ అను సాహసికుడు లోఖ్ నెస్‌మీద జలవేగమున రికార్డు నెలకొల్పుటకై జెట్ పడవను గంటకు 200 మైళ్లకు మించి నడిపెను. పడవ అలలకు తగిలి ముక్కలై, అతడు మరణించెను. తోడు పడవ లేపిన అలలే కారణమని చెప్పుదురు. జంతువు లేపిన అలలని పుకారు పుట్టినది. తీరవాసులు మాత్రము పుకారును పెంచక, ఆ ధైర్యవంతునికి గట్టున స్మారకచిహ్నము కట్టించిరి.

2018లో న్యూజిలండుకు చెందిన శాస్త్రజ్ఞుడు నీల్ గెమెల్ బృందము సరస్సునందు వేర్వేరు చోట్ల, వేర్వేరు లోతుల సుమారు 250 నీటి నమూనాలు తీసెను. ప్రతి ప్రాణియు తన చర్మము, పొలుసు, విసర్జనముల ద్వారా జన్యుపదార్థమును నీటిలో విడుచును. దానిని బట్టి ఏయే ప్రాణులున్నవో గుర్తింపవచ్చును. 2019లో ప్రకటించిన ఫలితములలో పురాతన సరీసృపముల జాడ ఏమియు లేదు. పాము వలె పొడుగైన ఈల్ చేపల జాడ మాత్రము మిక్కుటముగా నున్నది. పొడుగుమెడ సముద్ర సరీసృపములు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందటనే నశించినవి. సరస్సు వయస్సు పదివేల ఏండ్లే. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచినను సంగతి తెలియగలదు.

జంతువు లేదని తేలినందువలన యాత్రికులు తగ్గలేదు. దాని బొమ్మలమ్ముకొని బ్రతుకు కుటుంబములకు అది కొంత మేలే. నష్టము మరియొకచోట నున్నది. ఆ తీరమున ఇంటిభాషగా గేలిక్ దాదాపు అంతరించినది. మూత మరచిన తల్లి కథయు, నీటిగుఱ్ఱపు కథయు ఆ భాషలో చెప్పుకొనినవి. బొమ్మల అంగడిలో అవి దొరకవు. రోడ్డుప్రక్క పలకలమీద ఇంగ్లీషు పేరుతోపాటు గేలిక్ పేరును వ్రాయు ఆచారము ఇటీవల కొండసీమలో వ్యాపించినది. లోఖ్ నెస్ చూడబోవు మనవారు నీటివంక చూచిన పిదప ఆ పలకలవంక కూడ చూడవలెను. దారిలో కనబడినవారిని ఆ పేరునకు అర్థమేమని అడుగవలెను. చెప్పగలవారు ఇంకను కొందరున్నారు.